నిద్రలో వచ్చే గాలివాన

నాకొచ్చే కలలో వాన ముందు రాదు. గాలి వస్తుంది. అంతకుముందు అంతా బిగుసుకుపోయి ఉంటుంది. ఆరేసిన బట్టలు కదలవు, వీధిలో పడుకున్న కుక్కలు లేచి ఎటో వెళ్ళిపోతాయి, ఆకాశం ఇటుకపొడి రంగుకి తిరుగుతుంది. అప్పుడు కొండల వెనకనుంచి గాలి లేస్తుంది. ఇంటి పైరేకులు ఎగిరిపోతాయి. రాయగడలో మేము ఉన్న వీధి చివర, నిజానికి నది లేని చోట, నది వచ్చి నిలబడుతుంది. ఆ నీళ్ళలో మా నాన్న అటు తిరిగి నిలబడి ఉంటాడు. నేను పిలుస్తాను. ఆయన తిరిగి చూడడు. నా కాళ్ళు కదలవు. నీళ్ళు ఆయన భుజాలదాకా వచ్చేసరికి అరుచుకుంటూ లేస్తాను.

చిన్నప్పటినుంచీ ఇదే కల. ఒకసారి వడగళ్ళు పడతాయి, ఒకసారి పిడుగులు, ఒకోసారి వాన చుక్క లేకుండా ఉత్త గాలే. నాన్న మాత్రం ఎప్పుడూ అలాగే నిలబడి ఉంటాడు.

మా తాత శ్రీకాకుళం వైపునుంచి వచ్చి ఒడిశాలోని రాయగడ మున్సిపాలిటీలో పనికి చేరాడు. నాన్న కూడా అక్కడే, నీళ్ళ పంపులు నడిపేవాడు. నాగావళి నదిలో, ఒడ్డుకి కాస్త ఎడంగా, బండరాళ్ళ మీద కట్టిన పంపుహౌసులో ఆయన డ్యూటీ. ఒడ్డునుంచి అక్కడికి ఇనుప గడ్డర్ల మీద చిన్న వంతెన ఉండేది.

నేను ఆరో తరగతిలో ఉండగా ఒక వానాకాలం, ముసురు పట్టి రోజుల తరబడి వదల్లేదు. నది పెరుగుతోందని తెలిసి, మోటార్లు పైకి ఎత్తి పెట్టడానికి నాన్న పొద్దున్నే వెళ్ళాడు. ఆయనతోపాటు పనిచేసే ఒరియా ఆయన కూడా వెళ్ళాడు. ఆయన్ని నేను మౌసా, అంటే బాబాయి, అని పిలిచేదాన్ని. ఇద్దరూ లోపల ఉండగా పైన కొండల్లో కురిసిన వానంతా ఒక్కసారిగా దిగింది. వంతెన కొట్టుకుపోయింది. ఆ మాట పక్కింటివాళ్ళు వచ్చి చెప్పగానే అమ్మ పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి బయల్దేరింది. నేను వెనకాల పరిగెత్తాను.

మేము వెళ్ళేసరికి పంపుహౌసు గోడలు కనబడటం లేదు. కప్పు మీద ఇద్దరు మనుషులు, చుట్టూ ఎర్రటి నీళ్ళు. వేళ్ళతో సహా చెట్లు కొట్టుకొస్తున్నాయి. ఒక్కో చెట్టు ఆ కప్పుకి తగిలినప్పుడల్లా ఒడ్డున ఉన్న జనం అందరూ ఒకేసారి మూలిగేవారు. నేను నాన్నా నాన్నా అని గొంతు పోయేదాకా పిలిచాను. ఆ హోరులో నా మాట నాకే వినపడలేదు. అమ్మ ఏడవలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. నీళ్ళు కొంచెం తీశాక కొందరు తాళ్ళు కట్టుకుని వెళ్ళి ఇద్దర్నీ తీసుకొచ్చారు.

నాన్న ఇంటికొచ్చి, పొడిబట్ట కట్టుకుని, వేడి అన్నంలో చారు పోసుకుని తిని పడుకున్నాడు. నేను ఏదో అడగబోతే అమ్మ ఆపేసింది. "అయిపోనాది. ఇంక ఇంట్లో దీని ఊసెత్తొద్దు" అంది. ఎవరమూ ఎత్తలేదు. వరద తగ్గాక నాన్న మళ్ళీ డ్యూటీకి వెళ్ళాడు. కల మొదలైంది ఆ చలికాలంలో, వాన జాడ కూడా లేని రోజుల్లో.

నేను టీచరునయ్యాను. పెళ్ళయి కోరాపుట్ వచ్చాను. కరెంటాఫీసులో పనిచేసే నా భర్త మొదటిసారి నా అరుపు విని హడలిపోయి లైటు వేశాడు. తర్వాత్తర్వాత నుదుటి మీద చెయ్యి వేసేవాడు, అంతే. నేనూ ఏదో గాలివాన వచ్చింది అని చెప్పి ఊరుకునేదాన్ని. కోరాపుట్‌లో చైత్రం, వైశాఖం వచ్చాయంటే మధ్యాహ్నాలు ఎండ మాడ్చేసి, సాయంత్రానికి దేవమాలి కొండ వైపునుంచి ఉరుములు మొదలవుతాయి. ఆ నెలల్లో నిద్రకి భయపడేదాన్ని. డాక్టరు మాత్రలు రాశాడు. వాటితో కల ఆగలేదు. మెలకువ రావడం ఆలస్యమైంది, అంతే. అందుకని మానేశాను.

మూడేళ్ళ కిందట వైశాఖంలో, బడి వదిలే వేళకి ఆకాశం అచ్చం నా కలలోలాగే ఎర్రబడింది. పిల్లలు వరండాలో వరసగా నిలబడి ఉన్నారు. గాలి లేదు. ఆరుబయట కట్టేసిన మేక ఒకటి ఆగకుండా అరుస్తోంది. ఇది కలో కాదో తేల్చుకోలేక గోడ పట్టుకున్నాను. మొదటి వడగల్లు వరండా రేకు మీద పడి పేలినట్టు మోగింది.

నా కాళ్ళు కదిలాయి. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. లోపలికి పదండని ఒరియాలో అరిచి, స్లాబు వేసిన గదిలోకి పిల్లలందర్నీ తోసి, కిటికీలకి దూరంగా గోడవారన కూర్చోబెట్టాను. తలుపు గడియ వేస్తుండగా వరండా రేకులు లేచి మైదానంలో పడ్డ చప్పుడు వినబడింది. పిల్లల్లో ఎవరికీ దెబ్బ తగల్లేదు. వాన వెలిశాక తల్లులు వచ్చి ఒక్కొక్కర్నీ తీసుకెళ్ళారు. చివరి పిల్ల వెళ్ళాక నాకు వణుకు పట్టుకుంది. ఇంటికి చేరినా తగ్గలేదు.

ఫోనులో సంగతి విని నాన్న మర్నాడే రైలెక్కి వచ్చాడు. అప్పటికి ఆయన రిటైరై చాలాకాలమైంది. పెరట్లో మంచం మీద కూర్చుని నన్ను కాసేపు అలా చూసి, బాగున్నావా అని మాత్రం అడిగాడు. బాగున్నానన్నాను. పక్కన ఆడుకుంటున్న నా కూతురు తలెత్తి, "తాతా, అమ్మ నిద్దట్లో నిన్ను పిలుస్తాది. రోజూ పిలుస్తాది" అంది.

ఇక దాచడానికి ఏమీ లేకపోయింది. కల మొత్తం చెప్పాను. గాలి, నది, ఆయన అటు తిరిగి నిలబడటం, అన్నీ. నాన్న నేలకేసి చూస్తూ విన్నాడు. తర్వాత, అన్నేళ్ళలో మొదటిసారి, ఆ రోజు కప్పు మీద ఏం జరిగిందో చెప్పాడు. మౌసాకి ఈత రాదట. మౌసాయే తన తువ్వాలూ నాన్న తువ్వాలూ ముడేసి ఇద్దర్నీ కప్పు మీది పైపుకి కట్టాడట. చెట్టు వచ్చి తగిలిన ప్రతిసారీ మౌసా ఆపిన చోటునుంచి మళ్ళీ మాట్లాడేవాడట, తన కూతురి పెళ్ళికి ఏం వండించాలో, ఎవరెవర్ని పిలవాలో. నాన్న ఊ కొడుతూ ఉన్నాడట. నీళ్ళకేసి చూస్తే కళ్ళు తిరుగుతాయని ఒడ్డుకేసే చూస్తూ కూర్చున్నాడట.

"నీకూ కలొస్తాదా నాన్నా?" అని అడిగాను.

నాన్న తల ఎత్తాడు. తర్వాత అన్నాడు:

"నాకు నీళ్ళు రావమ్మి. మీరొస్తారు. నువ్వూ మీ అమ్మా ఒడ్డు అంచున నిలబడి ఉంటారు. కిందనుంచి ఒడ్డు కోసుకుపోతంటాది. ఎనక్కెల్లిపొండి, ఎనక్కెల్లిపొండి అని నాను అక్కణ్ణుంచి కేకలేస్తాను. మీకు ఇనపడదు."

"ఎప్పట్నుంచి?"

"అప్పట్నుంచే."

ఇన్నేళ్ళూ ఇక్కడ నేను ఆయన్ని, అక్కడ ఆయన మమ్మల్ని, నిద్రలో పిలుచుకుంటూ ఉన్నామన్నమాట. నా కూతురు ఆట మానేసి మా ఇద్దరి మొహాలూ చూస్తోంది.

ఆ వేసవి సెలవుల్లో రాయగడ వెళ్ళినప్పుడు నాన్నా నేనూ నది దగ్గరికి వెళ్ళాం. పాత పంపుహౌసు ఇప్పుడు వాడటం లేదు, కప్పు మీద రావిమొక్కలు మొలిచాయి. నది సన్నగా పారుతోంది. ఆడవాళ్ళు రాళ్ళ మీద బట్టలు ఉతుకుతున్నారు. రిటైరయ్యేదాకా అక్కడే పనిచేసినా, ఆ రోజు మేము నిలబడ్డ చోటు ఏదో నాన్నకి తెలియదు. చూపించమన్నాడు. చూపించాను. అక్కడికొచ్చి నిలబడి పంపుహౌసు కేసి చూశాడు.

"ఇంత దగ్గరేటి?" అన్నాడు. "అక్కణ్ణుంచి సూస్తే మీరిద్దరూ బొటనేలంత ఉన్నారు."

చాలాసేపు నిలబడ్డాడు. ఇప్పుడు ఆ ఒడ్డుకి కిందిదాకా రాళ్ళు పేర్చి కట్టేశారు, ఏనుగు వచ్చి నిలబడ్డా కదలదు. అయినా నేను నీళ్ళు చూద్దామని ఒక అడుగు ముందుకి వేయగానే, ఆయన నా మోచెయ్యి పట్టుకుని, కొంచెం ఇవతలికి రమ్మన్నాడు. వచ్చాను.

ఆ తర్వాత కల ఆగిపోయిందని చెప్పలేను. ఈ ఏడు కూడా ఉరుముల నెలలో వచ్చింది. నాన్న ఇంకా అటే తిరిగి ఉన్నాడు, నీళ్ళు ఇంకా పెరిగాయి. కాకపోతే ఇప్పుడు తెల్లారగానే ఫోను చేస్తాను. గాలి ఏ దిక్కునుంచి వచ్చిందో, వడగళ్ళు పడ్డాయో లేదో ఆయన శ్రద్ధగా అడుగుతాడు. ఆయనకొచ్చిన రోజు ఆయన చేస్తాడు. ఎక్కువసేపు మాట్లాడుకోం.

మొన్నొక రోజు ఇలాగే మాట్లాడుతుంటే అమ్మ ఫోను తీసుకుంది. ఆ సంగతి ఇంట్లో ఎత్తొద్దన్నాక తను ఏనాడూ ఎత్తలేదు. మేము చెప్పుకునేది వింటూనే పక్కకి వెళ్ళిపోయేది. నేనే అడిగాను, నీకేమైనా కలలొస్తాయా అమ్మా అని.

"నాకు కలలెక్కడివే" అంది. "వాన పడితే నాకు నిద్రే పట్టదు. మీ నాన్న పక్క మీదున్నాడో లేడో సూసుకుంటానే తెల్లారిపోతాది."

అటువైపు నాన్న దగ్గు వినబడింది. అమ్మ, పిల్లకి జలుబు తగ్గిందా అని అడిగింది. తగ్గిందన్నాను.