వాడకట్టంతా పెట్టిన పథ్యం

మొన్న మా మేడ మీద అద్దెకుంటున్న అమ్మాయి, ఉద్యోగం మీద హైదరాబాదు నుంచి బీదరుకు వచ్చి ఇంకా ఏడాది కూడా కాలేదు, తన కుక్కను చంకనెత్తుకుని మెట్లు దిగి నా వంటింటి గుమ్మంలో నిలబడింది. జ్వరమొచ్చి తగ్గిందట, సూదులన్నీ అయిపోయాయట, డాక్టరుగారు ఇచ్చిన డబ్బా తిండి మాత్రం వాసన చూసి మూతి తిప్పుకుంటోందట. "పిన్నీ, మీరు పల్లెల ఉన్నోళ్లు గదా, జర చూడుండ్రి" అన్నది బిక్కమొహంతో. నేను తడిచేతులు కొంగుకు తుడుచుకుని ఆ కుక్క డొక్కల మీద అరచేయి వేసి చూశాను. ఎముకలు ఒక్కొక్కటే చేతికి తగులుతున్నాయి గాని కళ్లలో వెలుగుంది, తోక కదులుతోంది. ఇది బతుకుతుందని అక్కడికక్కడే చెప్పేశాను. ఇలాంటి విషయాల్లో నేను డాక్టర్లకంటే ముందే తీర్పులిచ్చేస్తానని మా ఇంట్లో అందరూ ఎగతాళి చేస్తారు. చేసుకోనీ, ఎముకల గూడుగా మారిన కుక్కను మళ్లీ కుక్కగా చేసిన అనుభవం నాకున్నట్టు వాళ్లకు లేదు కదా!

నా పెళ్లయి బీదరు జిల్లా దుబల్గుండికి కాపురానికి వచ్చిన కొత్తలో జరిగిన సంగతి అది. మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో కొత్తకోడలంటే ఇంట్లో అన్ని పనులూ చేయాలి, ఏ పనిమీదా పెత్తనం ఉండకూడదు. మా పుట్టిల్లు జహీరాబాదు వైపు. ఇక్కడికొస్తే ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో ఉర్దూ, భజనలో మరాఠీ. మొదట కొన్నాళ్లు ఎవరు తిడుతున్నారో ఎవరు మెచ్చుకుంటున్నారో కూడా తెలిసేది కాదు. మా అత్తమ్మ మాత్రం ఏ భాష అక్కర్లేకుండా కళ్లతోనే రెండూ చేసేది. కందీ జొన్నా పండే పొలం ఊరికి కాస్త దూరంలో ఉండేది. అక్కడికి రోజూ పోయి రాకపోతే మా మామకు అన్నం సయించేది కాదు.

అయితే నేను వచ్చేటప్పటికే మామకు చూపు బాగా తగ్గిపోయింది. కంటినరం చచ్చిపోయిందనీ, ఇక ఆపరేషన్‌తో కూడా లాభం లేదనీ చెప్పేశారు. వెలుగు తెలిసేది, ఎదురుగా నిలబడ్డది మనిషో గొడ్డో తెలిసేది, అంతే. అయినా ఆయన పౌరుషం ఆయనదే. చేయి పట్టుకుని తీసుకుపోతానని మా ఆయన అంటే ఇంతెత్తున లేచేవారు. ఆయనను పొలానికి తీసుకుపోయేది కరియా. నల్లటి నాటు కుక్క, కన్నడంలో నల్లవాణ్ణి పిలిచినట్టు పిలిచేవాళ్లం. ఎద్దు మెడలోంచి తీసిన మువ్వలపట్టీ దాని మెడకు కట్టారు. అది ముందు నడిచేది, మువ్వల చప్పుడు వింటూ ఆయన వెనక నడిచేవారు, వాగు దగ్గర అది ఆగితే ఈయనా ఆగేవారు. చూసేవాళ్లకు ఒక పెద్దమనిషి తన కుక్కతో షికారుకు పోతున్నట్టుండేది గాని, ఒక గుడ్డివాణ్ణి కుక్క నడిపిస్తున్నట్టు ఉండేది కాదు. ఆయనకు కావలసింది అదే.

ఆ ఏడు వానాకాలంలో కరియాకు పిడుదులు పట్టి జ్వరమొచ్చింది. తిండి మానేసింది, ముక్కులోంచి నెత్తురు కారింది, గాదె కింద దూరి బయటికి రానంది. మా ఆయన హుమ్నాబాదు పోయి పశువుల డాక్టరును బతిమాలి బండి మీద వెంటబెట్టుకొచ్చాడు. సూదులతో జ్వరమైతే దిగింది గాని లేచి నిలబడ్డ కుక్క గుర్తుపట్టేలా లేదు. పొట్ట వెన్నుకంటుకుపోయింది, మెడ సన్నబడి మువ్వలపట్టీ తలమీదుగా జారి కిందపడింది. డాక్టరు పోతూ పోతూ "స్వల్ప స్వల్ప కొడ్రీ, ఎణ్ణి తుప్ప బ్యాడ" అన్నాడు. కొంచెం కొంచెంగా మాటిమాటికీ పెట్టండి, నూనే నెయ్యీ దగ్గరికి రానీయకండి అని. ఆకలితో ఎండిన కడుపు ఒక్కసారిగా బరువైన తిండిని మోయలేదనీ, విరేచనాల జారుడు పట్టుకుంటే ఈసారి చేతికి దక్కదనీ గట్టిగా చెప్పిపోయాడు.

ఆ పని నేను మీదేసుకున్నాను. మెత్తగా ఉడికించిన అన్నం చేత్తో పిసికి, నీళ్ల మజ్జిగ కలిపి, చారెడు చారెడు పెట్టేదాన్ని. మొదట చెయ్యి మాత్రమే నాకేది, తరవాత చేతిలోదీ నాకింది, ఆ తరవాత గిన్నెలో మూతి పెట్టింది. అది మొదటిసారి గిన్నె నాకి నావైపు చూసినప్పుడు నేనే కడుపునిండా తిన్నంత తృప్తి కలిగింది. శనివారం శనివారం మా ఆయన దాన్ని గోనెసంచిలో తల బయటికి పెట్టించి, కందులు తూచే కాంటాకు తగిలించేవాడు. ఊళ్లోవాళ్లు దారిన పోతూ "ఏమన్నా, కుక్కను అమ్ముతున్నవా?" అని నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ, కంటికి కనపడని బరువు కాంటాకు కనపడుతుందని నా పట్టుదల.

ఆ కాంటాయే నన్ను ఏడిపించింది. సోమవారం నుంచి కుక్క రోజురోజుకూ తేరుకునేది, బుధవారానికి గుమ్మందాకా వచ్చి అరిచేది, శుక్రవారం తెల్లారేసరికి మళ్లీ జారుడు, మళ్లీ గాదె కిందికి, శనివారం తూకం వేస్తే పోయిన వారం బరువే, ఒక్కోసారి ఇంకాస్త తక్కువ. వారం తరవాత వారం ఇదే వరస. దిష్టి తగిలిందని అత్తమ్మ మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. నా అన్నంలోనే ఏదో లోపముందని వాడకట్టు ఆడవాళ్లు నా ముందే అన్నారు. అనుకోవలసింది అనుకోనీ, నా అన్నం సంగతి నాకు తెలుసు.

నా భయం కుక్క ఒక్కదాని గురించి కాదు. కరియా పడుకున్న రోజు నుంచి మామ పొలానికి పోలేదు. మా ఆయన భుజం పట్టుకుని రమ్మన్నా పోలేదు, కర్ర ఇస్తే విసిరేశారు. ముందరి వసారాలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవారు, అన్నం సగంలోనే చేయి కడుక్కునేవారు. పొలంలో కంది ఎంత ఎదిగిందో అడగడం కూడా మానేశారు. ఆ కుక్క పోతే ఈయన ఇంక మంచం దిగరని మాకందరికీ తెలుసు. కరియా డొక్కల మీద చేయి వేసినప్పుడల్లా ఆయన ప్రాణాన్నే తడిమి చూస్తున్నట్టుండేది నాకు.

గురువారం పూట నేను ఇంట్లో ఉండేదాన్ని కాదు. మా వైపు గురువారమంటే దత్తుని వారం. నేనూ ఒంటిపొద్దుండి, హుమ్నాబాదు పక్కన దత్తుని గుడికి బస్సులో పోయి, హారతి అయ్యాక సాయంత్రానికి వచ్చేదాన్ని. కరియా కోసం మొక్కుకునేదాన్ని కూడా. ఆ గురువారం రోడ్డు మీద లారీలు అడ్డం పడి బస్సు రాలేదు. నిలబడి నిలబడి కాళ్లు పీకి, దేవుడికి అక్కడినుంచే దండం పెట్టి ఇంటికి మళ్లాను.

ఇంట్లో అడుగు పెట్టేసరికి ఏం చూశాననుకున్నారు! పెరట్లో బొంత పరిచి ఉంది. దాని మీద కరియా కూర్చుని ఉంది, నుదుట ఇంత కుంకుమబొట్టు, మెడలో బంతిపూల దండ. చుట్టూ వాడకట్టు ఆడవాళ్లు తలమీద కొంగు కప్పుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరి చేతిలో పళ్లెం, పళ్లెంలో భక్షాలు, శనగపప్పు బెల్లం పూర్ణం పెట్టి కాల్చినవి, వాటి మీద నెయ్యి తేలుతోంది. మధ్యలో మా అత్తమ్మ స్వయంగా భక్షం తుంచి, నేతిలో ముంచి, రెండు చేతులతో కరియా నోటికి అందిస్తోంది. నాకు కోపమూ నవ్వూ ఏడుపూ మూడూ ఒకేసారి వచ్చాయి.

ఇక్కడివాళ్లకు తెలిసిన సంగతే, దత్తుని పాదాల దగ్గర కుక్కలుంటాయి, మైలారం మల్లన్న వెంట కూడా కుక్క నడుస్తుంది. అందుకే గురువారం వండిన దాంట్లో ఒక ముద్ద కుక్కకు పెట్టడం మా వైపు ఆనవాయితీ. చావు నోట్లోంచి లేచొచ్చిన నల్లకుక్క దత్తుడు పంపిందే అయి ఉంటుందని వాడకట్టంతా నమ్మింది. తమలో తాము మాట కుదుర్చుకుని, మొక్కు బయటపెడితే ఫలముండదని నాకు చెప్పకుండా, నేను బస్సెక్కగానే పళ్లేలు పట్టుకుని వచ్చేవాళ్లట.

"అత్తమ్మా, డాక్టర్ నెయ్యి వద్దన్నడు గదా! నువ్వు గూడ విన్నవు!" అన్నాను. నా గొంతు అంత పెద్దదని అప్పటిదాకా నాకూ తెలియదు.

"వద్దన్నది తిండికి. ఇది నైవేద్యం. నైవేద్యం తిండి ఎట్లయితదే?" అన్నది అత్తమ్మ, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు.

కొత్తకోడలు దేవుడికి అడ్డం పడుతోందని ఆడవాళ్లు అప్పటికే ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. అంతలో వసారాలోంచి మామ గొంతు వినబడింది. ఎన్నో రోజులుగా వినబడని గొంతు.

"ఏమే, నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు గురువారాలు రాలేదా? ఒక్కనాడన్న నాకు భక్షాలు పెట్టినవా?"

అత్తమ్మ చేతిలో భక్షం అలాగే ఉండిపోయింది. "లేదు. గంజి పెట్టిన" అన్నది మెల్లగా.

"నేను బతకాలని గంజి పెట్టినవు. మరి అది బతకొద్దా?"

అత్తమ్మ పళ్లెం కింద పెట్టి కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. "అది లేస్తెనే మీరు లేస్తరని మొక్కుకున్న. ఇంకేం చెయ్యాల్నో నాకు తెలుస్తలేదు" అన్నది. పెళ్లయి అన్నేళ్లయినా ఆమె ఆయనతో అలాంటి మాట అనడం అదే మొదటిసారని తరవాత మా ఆయన చెప్పాడు. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా ఆ సందు పోనీయలేదు. మొక్కులు మానొద్దు, భక్షాలు మానండి అన్నాను. దత్తునికి మనసులో ఉన్నది ముఖ్యం గాని పళ్లెంలో ఉన్నది కాదని, నాకు ఆ క్షణంలో తోచిన ధైర్యంతో చెప్పేశాను. పొలం పనుల్లో నేను మాటిమాటికీ వచ్చి పెట్టలేకపోతున్నాను, అత్తలు వదినలు అందరూ ఉన్నారు, ఇంటికొక పూట పంచుకోండి, గుప్పెడు మెత్తటన్నం తెచ్చి పెట్టండి, గురువారమే కాదు రోజూ దేవుడికి పెట్టినట్టే అవుతుంది అన్నాను. ముసలివాళ్లు ఆలోచించారు. వెనకింటి వదిన ముందుగా ఒప్పుకుంది.

ఆ మర్నాటినుంచి ఇక చూడాలి! పొద్దున్నే మా ఇంట్లో మజ్జిగన్నం, కాస్త ఎండెక్కాక పక్కింటి చిన్నత్త జొన్న అంబలి, మధ్యాహ్నం వెనకింటి వదిన వంతు. ఆమెకు కోళ్లున్నాయి. మాది తులసిమాల వేసుకుని నీచు మానేసిన ఇల్లు, గుడ్డు గుమ్మం తొక్కరాదు. వదిన ఉడికించిన గుడ్డు అన్నంలో చిదిమి కొంగు చాటున తెచ్చేది. అదే వేళకు అత్తమ్మకు సరిగ్గా బావి దగ్గర పని పడేది. "ఆమె ఏం పెడ్తదో నాకేం ఎరుక" అనేది అడిగినవాళ్లతో. శుక్రవారాలు మామూలు రోజులయ్యాయి. శనివారం కాంటా కిందికి లాగడం మొదలయ్యాక ఎగతాళి చేసినవాళ్లే ఆగి ఎంతుందని అడిగి పోయేవాళ్లు. డొక్కల ఎముకలు మెల్లమెల్లగా చేతికి దూరమయ్యాయి, బొచ్చు మళ్లీ నిగనిగలాడింది, పెరట్లో పిల్లిని తరమడం మొదలుపెట్టాక నేను నిశ్చింతగా నిద్రపోయాను.

కంది పూతకొచ్చిన ఒక పొద్దున కరియా తనంతట తానే వచ్చి మామ మంచం పక్కన నిలబడింది. అత్తమ్మ మువ్వలపట్టీ తెచ్చి దాని మెడకు కట్టింది. మామ లేచి కూర్చుని, చెప్పుల కోసం కాళ్లతో నేల తడిమారు. ఎవరూ పోయి అందించలేదు, ఆయనకు నచ్చదని. చెప్పులు దొరికాయి. కరియా ముందు, ఆయన వెనక, సందు చివరిదాకా పోయి మలుపు తిరిగారు. మువ్వల చప్పుడు వినబడనంత దూరం పోయేదాకా వాడకట్టు ఆడవాళ్లందరూ ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడ్డారు. ఒక్కరూ మాట్లాడలేదు, ఆయనకు వినబడుతుందని. ఆ తరవాత ఎన్నో పంటలు ఆయన ఆ పూతను చేత్తో తడిమి చూసుకున్నారు.

ఇప్పుడు ఇవన్నీ ఎంత సులువైపోయాయి! బీదరులో కుక్కల డాక్టర్లున్నారు, రక్తం చూసి సాయంత్రానికే రోగం చెబుతారు, నిలబెడితే చాలు బరువు చెప్పే కాంటాలున్నాయి, జబ్బుపడి లేచిన కుక్కకని వేరే తిండి అమ్ముతున్నారు. అది మంచికే, ఆ రోజుల్లో ఇవి లేక పోయిన మూగజీవాలను నేనెరుగుదును. నాలుగు నెలల కింద ఒక పని మీద దుబల్గుండికి పోయి మా పాత వాడకట్టులో పట్టపగలు నిలబడ్డాను. సగం ఇళ్లకు తాళాలు, ఆడవాళ్లు హుమ్నాబాదు ఫ్యాక్టరీలకు పోయారట, సాయంత్రం బస్సుకు గాని రారట. నాలుగు డబ్బులు తెచ్చుకుంటున్నారు, నాకు సంతోషమే. కాని ఆ సందులో ఒక కుక్క పడుకుని ఉంది, ఎవరిదని అడగడానికి ఒక్క గుమ్మంలోనూ మనిషి లేదు. ఎముకల గూడును ఎలా నిలబెట్టాలో మేడ మీది అమ్మాయికి చెప్పాను, ఎవరు అడిగినా చెప్పగలను, ఏం వండాలో, ఎంత పెట్టాలో, ఎప్పుడు ఆపాలో అన్నీ చెప్పగలను. ఆ పూట పూటకూ గుప్పెడన్నం పట్టుకుని వచ్చే ఇల్లు ఎక్కడ దొరుకుతుందో అడిగితే మాత్రం, అన్నీ తెలుసునని చెప్పుకునే నాకు, ఏం చెప్పాలో తెలియడం లేదు.