కరీమున్నీసా కౌంటరు

అల్లూరులో రంగనాయకులు గారి సినిమా హాలుకి ఆడవాళ్ళ టికెట్ల కౌంటరు వేరే ఉంది. కౌంటరంటే పెద్దగా ఊహించుకోకండి. గోడలో చెయ్యి పట్టేంత కంత, దాని వెనక చీకటి గది, గదిలో ఒక స్టూలు. ఆ స్టూలు మీద కరీమున్నీసా. ఊరందరికీ కరీమక్క. పెళ్ళై వచ్చిన కొత్తలో ఎక్కింది, ఇప్పుడు మనవరాలు కాలేజీకి పోతున్నా దిగలేదు. దిగమన్నవాళ్ళతో ఆవిడ మర్యాదగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

కంతలోంచి మొహాలు కనపడవు, చేతులే. గాజుల్ని బట్టో గోరింటాకుని బట్టో పోల్చుకుని పలకరిస్తుంది. మ్యాట్నీకి వచ్చే చేతులు మాత్రం అన్నీ ఒకటే తీరు. రొయ్యల షెడ్డులో పొద్దుటినుంచి ఐసునీళ్ళలో తలలు తీసి తీసి తెల్లగా ఉబ్బిన వేళ్ళు. వాళ్ళు పని దిగి, ఆటోలు హాలు ముందుకు వచ్చేదాకా మ్యాట్నీ మొదలు కాదు. అది మా ఊరి పద్ధతి. బోర్డు మీద రెండున్నర అని రాసి ఉంటుంది గానీ, దాన్ని నమ్మేవాడు పొరుగూరివాడే.

ఇలా నడుస్తుండగా బొంబాయిలో ఏవో బేరాలు జరిగాయి. సినిమాలు తీసే కంపెనీని ఒక పెద్ద కంపెనీ కొన్నదట. ఆ పెద్దది వెళ్ళి, ఫోన్లో సినిమాలు చూపించే ఇంకో కంపెనీలో కలిసిపోయిందట. రంగనాయకులు గారు మా హాలుని లీజుకిచ్చింది కూడా చివరికి వాళ్ళకే అని తర్వాత తెలిసింది. సినిమా వాళ్ళదే, ఫోన్లో చూపించేదీ వాళ్ళే, హాలూ వాళ్ళ చేతిలోనే. నెల తిరక్కుండా బొమ్మ ఫోన్లోకి వచ్చేస్తుంటే ఇక హాలు మీద వాళ్ళకు ప్రేమెందుకుంటుంది? ఇది రాస్తుంటే కూడా నాకు ఒళ్ళు మండుతోంది.

కంపెనీ తరఫున నెల్లూరు నుంచి నరేంద్రబాబు అనే మేనేజరు వచ్చాడు. చెడ్డవాడేం కాదు, పైవాళ్ళు చెప్పింది చేసే మనిషి. ఇక టికెట్లన్నీ ఫోన్లోనే అని చెప్పి, టికెట్ పుస్తకాలు పట్టుకుపోయాడు. షెడ్డు ఆడవాళ్ళు ముందుగా టికెట్ కొనడం ఎన్నడూ ఎరగరు. ఆ రోజు ఆటోలో ఎవరెక్కితే వాళ్ళే సినిమాకి. దాంతో వచ్చిన ఆటోలు వచ్చినట్టే తిరిగిపోయాయి, కంప్యూటర్లో మ్యాట్నీకి వరసగా సున్నాలు పడ్డాయి. జనం రావడం లేదు, మ్యాట్నీ తీసెయ్యండి, ఆ కంత పూడ్చెయ్యండి అని ఆర్డరొచ్చింది. మ్యాట్నీ పోతే వాళ్ళకి సినిమానే లేదు. సాయంత్రం ఆటకి వస్తే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు?

శుక్రవారం మధ్యాహ్నం నరేంద్రబాబు వెంట మేస్త్రీ చిన్నపోలయ్య వచ్చి ఇటుకలూ సిమెంటు బస్తా తెచ్చి గోడ పక్కన దించాడు. కరీమున్నీసా లోపల స్టూలు మీదే ఉంది. కంతలోంచి మోచేతి దాకా చెయ్యి బయటికి చాపింది.

"పూడ్చు పోలయ్యా. దీన్ని కూడా కలిపి పూడ్చు."

చిన్నపోలయ్య తాపీ కింద పెట్టేశాడు. "నా వల్ల కాదు సారూ. మా ఇంటామె కూడా ఆ ఆటోలోనే వస్తాది. ఇది చూసిందంటే నాకు కూడు పెట్టదు."

"అమ్మా, చెయ్యి తియ్యండి. నా ఉద్యోగం పోతుంది," అన్నాడు నరేంద్రబాబు.

"నీకు పోతే ఇంకోటి వస్తాది అబ్బయా. మాకు ఇంకో హాలు యాడుండాది?"

అంతలో, ఇవాళైనా టికెట్లిస్తారేమోనని ఆటోలు వచ్చాయి. ముందు దిగిన ఆదిశేషమ్మకి సంగతి అర్థమైపోయింది. వచ్చి ఆ చేతిలో డబ్బు పెట్టి, "అక్కా, మాకు నాలుగు," అంది.

ఇవ్వడానికి టికెట్లెక్కడివి? కరీమున్నీసా సొరుగులోంచి హాలు పాత రబ్బరు స్టాంపు తీసింది. "చేతులు లోపలికి పెట్టండి మే!" అని కేకేసింది. లోపలికి వచ్చిన ప్రతి అరచేతి మీదా ఒక ముద్ర గుద్దింది. తడి వేళ్ళ మధ్య సిరా పాకిపోయింది. ఆడవాళ్ళు గేటు దగ్గర అరచెయ్యి ఎత్తి చూపించి, దర్జాగా లోపలికి నడిచారు. గేటువాడు పక్కకి జరిగి దారిచ్చాడు.

నరేంద్రబాబు ఫోను చెవికి పెట్టుకునే కంత దగ్గరికి వచ్చాడు. "సిస్టంలో ఇంకా సున్నానే ఉందంటున్నారమ్మా. ఆట ఎలా వెయ్యమంటారు?"

"మీ సున్నాలో కూర్చునేదానికి మాకు కుర్చీలు చాల్లా. పోయి చూసి, ఆ ఫోన్లో ఉండే ఆయనకి చెప్పు."

వెళ్ళి తలుపు తీసి చూశాడు. లోపల ఈలలు. ఫోను జేబులో పెట్టుకుని, ఆపరేటర్ని బొమ్మ వెయ్యమన్నాడు.

మ్యాట్నీ ఇప్పటికీ పడుతోంది. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను, రేపు ఎవరు ఎవరిలో కలుస్తారో ఎవరికెరుక. చిన్నపోలయ్య వదిలేసిపోయిన సిమెంటు బస్తా ఆ వారం వానకి తడిసి గడ్డకట్టింది. కరీమున్నీసా దాన్ని తన గదిలోకి దొర్లించుకుంది. మోకాళ్ళ నొప్పులట, అరచేతుల మీద ముద్రలు గుద్దేటప్పుడు కాళ్ళు దాని మీద పెట్టుకుంటోంది.