నా నోటితో నేనే పంచిన పోగులు: తెనాలి నుంచి రేపల్లె దాకా ఒక శనివారం

ఈ ప్రయాణానికి కారణం తాజా కూరగాయలు అని రాస్తే బావుంటుంది గానీ, అది అబద్ధం. కారణం కుళ్ళు. తెనాలిలో మా స్కూలు స్టాఫ్ రూములో నేనూ సుజాతా తొమ్మిదేళ్లుగా పక్కపక్కనే కూర్చుని క్యారేజీలు విప్పుతున్నాం. నేను సోషల్ చెబుతాను, తను లెక్కలు. తను రోజూ రేపల్లె నుంచి రైల్లో వస్తుంది. మొదటి ఏడేళ్లూ అందరి స్పూన్లూ నా గిన్నెలోకే వచ్చేవి. పద్మా మేడమ్ వంకాయ అంటే పద్మా మేడమ్ వంకాయే. రెండేళ్ల క్రితం ఇద్దరం కలిసి భట్టిప్రోలు దగ్గర ఒక పొలంలో వాటా తీసుకున్నాం. ఆర్నెల్లకోసారి ముందే డబ్బు కట్టేస్తే, శనివారం శనివారం ఆ పొలంలో ఏం పండితే అది వాటాదారులందరూ సమంగా పంచుకుంటారు. పండితే పండినట్టు, పురుగు పడితే పడినట్టు. సుజాత దారిలోనే దిగి ఇద్దరి సంచులూ తీసుకుని, తర్వాతి రైలుకి స్కూలుకి వచ్చేస్తుంది. అప్పట్నుంచీ నా గిన్నె నాతోపాటే భద్రంగా ఇంటికి తిరిగొస్తోంది. మా డ్రిల్ సారు మాత్రం "సుజాతా మేడమ్, ఆ పులుసు ఇంకొంచెం ఉందాండి?" అని అడుగుతూనే ఉంటాడు.

ఒకే పొలం, ఒకే తూకం, ఒకే రోజు కోత. తన గిన్నె ఖాళీ, నాది నిండుగా. ఇందులో ఏదో ఉందని నాకు గట్టిగా అనిపించింది. సంచులు మోసేది తను. దారిలో విప్పి మంచివి ఏరుకుంటే చూసేదెవరు? ఆ అనుమానం పుట్టాక అన్నం సహించలేదు. రెండు వారాలుగా తలనొప్పి అని చెప్పి కిటికీ దగ్గర ఒంటరిగా తింటున్నాను. రెండో శనివారం స్కూలు సెలవు. చెప్పకుండా పొలానికి వెళ్లి కళ్లారా చూడాలి, దొంగతనం తేలితే సోమవారం స్టాఫ్ రూములో అందరి ముందూ అడిగేయాలి, తొమ్మిదేళ్ల స్నేహం పోతే పోనీ అని తీర్మానించుకున్నాను.

తెనాలి బస్టాండులో ఐదూ నలభైకి రేపల్లె పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకి టికెట్ సున్నా, కాబట్టి కుళ్ళుతో వెళ్లినా ఖర్చు లేదు. భట్టిప్రోలుకి గంటలోపే చేరాం. మంచు ఇంకా వీడలేదు. కోసేసిన వరిచేలల్లో మినుము మొలకలు అప్పుడే పచ్చగా కనిపిస్తున్నాయి. సెంటర్లో టీ తాగి, పొలం దాకా ముప్పై రూపాయలకి ఆటో మాట్లాడుకున్నాను. కాలవ కట్ట మీద రెండు కిలోమీటర్లుంటుంది. ఆటో అతను అద్దంలోంచి నా ఖాళీ సంచీ చూసి "శేషమ్మగారి పోగులకాండి?" అన్నాడు. అవునన్నాను. "వారం వారం వచ్చే రేపల్లె టీచరుగారు రాలేదేంటి ఇయ్యాళ?" అన్నాడు. ఈవిడ గురించి ఆటోవాళ్లక్కూడా కావాలి!

శేషమ్మగారికి అరవై దాటి ఉంటాయి. పొలం ఆవిడదే, పెత్తనమూ ఆవిడదే. నా పేరు చెప్పగానే "సుజాతమ్మ ఫోన్ చేసిందండి, మడమ బెణికిందంట, రాలేనంది. మీరెట్టా వచ్చారు, కబురందిందా?" అని అడిగింది. లేదండీ, ఊరికే చూద్దామని అన్నాను. పాకలో నీలం బరకం పరిచి ఇరవై రెండు పోగులు పెట్టి ఉన్నాయి. ఒక్కో పోగులో ఒక సొరకాయ, వంకాయలు, టమాటాలు, పచ్చిమిరప, ఒక తోటకూర కట్ట. అన్నిటినీ ఆవిడ కాటా వేసే పెట్టింది. కానీ తూకం ఒకటైతే సరిపోతుందా? సొరకాయ లేతదో ముదురుదో కాటాకేం తెలుసు? గుమ్మం పక్కనున్న మొదటి పోగులో చేయంత పొడవున లేత సొరకాయ, గోరు ఆనిస్తే దిగేటట్టుంది. అవతల గోడవైపు చివరి పోగులో కుండలాంటి ముదురు కాయ, పుచ్చులున్న వంకాయలు. ఇవి ఎవరికి ఏది అని ఎలా తేలుస్తారు అని అడిగాను.

అప్పుడు తెలిసింది అక్కడి పద్ధతి. వేటపోతుని కోసి పంచుకునేటప్పుడు పల్లెల్లో చేసేదే. ఒకళ్లు పోగుల వైపు వీపు పెట్టి నిలబడతారు. ఇంకొకళ్లు కర్రతో ఒక పోగుని ముట్టుకుని "ఇదెవరిది?" అంటారు. వీపు పెట్టినవాళ్లు కాగితంలోంచి ఏదో ఒక పేరు చెబుతారు. ఆ పోగు ఆ పేరుది. ఇంక మాట లేదు. "కొత్తగా వచ్చారు కదా, ఇయ్యాళ మీరు పిలవండమ్మా" అని శేషమ్మగారు పేర్ల కాగితం నా చేతిలో పెట్టింది. నా బుర్ర చకచకా పనిచేసింది. ఎవరైనా గుమ్మం వైపు నుంచే కదా మొదలుపెడతారు. మొదటి పేరు నాది, చివరి పేరు సుజాతది. ముదురు కాయ తను మోసుకుపోవాలి. నేను దొంగని పట్టుకోవడానికి వచ్చానన్న సంగతి ఆ క్షణంలో నాకు గుర్తే లేదు.

"ఇదెవరిది?"

"పద్మ!" అన్నాను గొంతెత్తి.

ఇంకో ఇరవై పేర్లు అయ్యాయి. చివర్న "సుజాత" అని పిలిచి వెనక్కి తిరిగాను. శేషమ్మగారు కర్ర పట్టుకుని గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఆవిడ గోడవైపు నుంచి మొదలుపెట్టింది. చేయంత లేత సొరకాయ సుజాతది. కుండలాంటి ముదురుది, పుచ్చు వంకాయలతో సహా, నాది. నా నోటితో నేనే పంచాను, ఎవర్ని అనను? కళ్లల్లో నీళ్లొచ్చినంత పనైంది. ఉండబట్టలేక "ప్రతివారం మంచి పోగు సుజాతకే వచ్చిద్దాండీ?" అని అడిగేశాను. శేషమ్మగారు పడీపడీ నవ్వింది. "ఏ వారం ఎవరికొచ్చిద్దో ఆ దేవుడికే తెలియాలమ్మా. వచ్చినా ఆవిడ ఉంచుకుంటదా? ఇక్కడే కూచుని రెండు సంచులూ విప్పిద్ది. మీ దాంట్లో ముదురుది పడితే తీసేసి తనది మీకు పెట్టిద్ది. మా పద్మకి పీచు తగిలిందంటే ఆ రోజంతా పిల్లల మీద అరుస్తదండీ అంటది."

దొంగతనం తేలింది. ఎటు నుంచి ఎటో మాత్రం నేననుకున్నట్టు లేదు. సిగ్గుపడాల్సిన చోట నాకు ఇంకా మండింది. వంటలో నన్ను మించింది సరే, మంచితనంలో కూడానా? మంచి కూరగాయలు నాకిచ్చి, నాసివి తను వండి, అయినా డ్రిల్ సారు తన పులుసే అడుగుతున్నాడంటే నేను ఎంత చెత్తగా వండుతున్నట్టు? నడవలేని మనిషి సంచీ ఆవిడకి ఇచ్చేసి రావడమే మర్యాద కాబట్టి, రెండు సంచులూ పట్టుకుని భట్టిప్రోలు సెంటర్లో రేపల్లె షేర్ ఆటో ఎక్కాను. మనిషికి ముప్పై, అరగంట ప్రయాణం. దారంతా ఆ లేత సొరకాయ సంచీలోంచి తల బయటపెట్టి నన్నే చూస్తోంది. మార్చేస్తే ఎవరికి తెలుస్తుంది? రెండుసార్లు చెయ్యి దానిదాకా వెళ్లింది. పక్కనున్న పెద్దావిడ "రెండు సంచులేంటమ్మా, ఒకటి ఆడబిడ్డ గారికా?" అంది. "కాదండి, నాకు పోటీ ఆవిడకి" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు.

సుజాత ఇల్లు రేపల్లె స్టేషనుకి పది నిమిషాల నడక. కాలికి గుడ్డ చుట్టుకుని వసారాలో స్టూలు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి "నువ్వెట్టా వచ్చావే? తలనొప్పి తగ్గిందా?" అని లేవబోయింది. కూర్చోమని చెప్పి మంచినీళ్ల కోసం లోపలికి వెళ్లాను. గ్లాసు పట్టుకుని తిరిగొచ్చేసరికి రెండు సంచులూ విప్పేసి ఉన్నాయి. తన ఒళ్లో నా ముదురు సొరకాయ ఉంది. లేతది నా సంచీలోకి దూరుతోంది. శేషమ్మగారు చెప్పినప్పుడు విన్నదానికంటే కళ్లతో చూడటం కష్టంగా ఉంది.

"నా మీద నీకు ఈ జాలేంటే?" అన్నాను, కోపంగానే.

"జాలా? నీ మొహం" అంది సుజాత. "ముదురు కాయతో ఏం చెయ్యాలో నీకు తెలీదు. నీకిస్తే చెత్తబుట్టలో పడేస్తావు. మా అమ్మ కూలికెళ్లొస్తా కోత అయిపోయిన చేలో మిగిలిపోయిన కాయలు తెచ్చేది. మేం పెరిగిందే ముదురు కాయలతో. రా, పొయ్యి వెలిగించు, చెబుతాను. నేను నిలబడలేను, నీ చేత్తోనే వండు."

అలా ఆ రోజు నేను తొమ్మిదేళ్ల వంట మళ్లీ మొదట్నుంచి నేర్చుకున్నాను. సగం సొరకాయకి తొక్కు తీయించి, బెండులా ఉన్న మధ్య గింజల భాగం తీసేయించింది. ముక్కలు పెద్దవిగా కోయించింది. "లేతది పులుసులో కరిగిపోయిద్ది. ఇదైతే ముక్క నిలబడి పులుపు పీల్చుకుంటది" అంది. చింతపండు రసంలో తోటకూర కాడలు కూడా వేయించింది. నేను రెండేళ్లుగా పారేస్తున్న కాడలవి! చిన్న బెల్లం ముక్క చివర్లో వేసి, సన్నసెగ మీద వదిలేయమంది. నేను రెండుసార్లు మంట పెంచబోతే రెండుసార్లూ చేతి మీద కొట్టింది. వంకాయలకి పుచ్చు మేరకు కోసేసి, నిజాంపట్నం నుంచి తెప్పించుకున్న ఎండు రొయ్యల్ని పొడిగా వేయించి, ఉల్లిపాయతో కలిపి మూత పెట్టించింది. ఆ మూత మీద నీళ్లు పోయించింది, కూరలో మాత్రం చుక్క కూడా పోయనివ్వలేదు. ఆవిరికే వంకాయ మగ్గింది. తొమ్మిదిన్నరకి మొదలుపెడితే పదకొండు దాటింది. వేడన్నంలో పులుసు కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. కోసింది నేను, కలిపింది నేను, రుచి మాత్రం సుజాతది. ఇంతకంటే అన్యాయం ఇంకోటి ఉంటుందా? మూడుసార్లు వడ్డించుకున్నాను.

చేతులు కడుక్కున్నాక నిజం చెప్పేశాను. "నాకు తలనొప్పి కాదే. నువ్వు మంచివి ఏరుకుంటున్నావనుకున్నా." సుజాత పళ్లెం పక్కన పెడుతూ "తెలుసులే. తలనొప్పి ఉన్న మనిషి ఎవరైనా కిటికీ దగ్గర ఎండలో కూచుంటదా?" అంది. అంతే. నాలుగింటి రైలుకి బయల్దేరుతూ, మిగిలిన సగం ముదురు సొరకాయని నా సంచీలో వేసుకోబోతే పట్టుకుని లాగింది. "నా పోగులోది, నాది" అన్నాను. "నువ్వు పాడుచేస్తావ్, నాకు కావాలి" అంది. తొమ్మిదేళ్లలో మేమిద్దరం గట్టిగా పోట్లాడుకుంది ఆ సగం కాయ కోసమే. చివరికి కత్తి తెచ్చి దాన్ని మళ్లీ రెండు చేసుకున్నాం.

తెనాలి దాకా రైల్లో ఆలోచిస్తూనే ఉన్నాను. రెండేళ్లుగా మంచి కాయలన్నీ నాకొచ్చాయి, వంటంతా తనకొచ్చింది. నేను లేత సొరకాయ మీద ధీమాగా కూర్చున్నాను, తనకి ప్రతివారం మొండికాయతో తంటాలు పడీ పడీ చెయ్యి తిరిగింది. ఇది తెలిశాక కుళ్ళు పోయిందా అంటే పోలేదు. సోమవారం సుజాత కుంటుకుంటూ వచ్చింది. నేను మళ్లీ తన పక్కనే కూర్చున్నాను. ఆ పావుకాయతో నేను చేసిన చారెడు ముక్కల పులుసు వాసన చూసి డ్రిల్ సారు స్పూను ముందుకి చాపాడు, నోట్లో పెట్టుకుని "ఇది సుజాతా మేడమ్ చేసిందాండి?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు సుజాత "కాదు సార్, పద్మదే" అంది. ఆ మంచితనం మీద కూడా ఒళ్లు మండింది గానీ, గిన్నె మాత్రం ఖాళీ అయింది.

వెళ్లాలనుకునేవాళ్లకి నా సలహా. తెనాలి నుంచైతే తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకోండి, బాపట్ల వైపు నుంచైతే చెరుకుపల్లి మీదుగా ముందురోజే రేపల్లె చేరిపోండి, ఎందుకంటే ఏడు దాటితే పోగులుండవు. అక్కడ మీ చేతికి పేర్ల కాగితం ఇచ్చి వెనక్కి తిరగమంటే, మీ పేరు మాత్రం ముందు పిలుచుకోకండి. పిలుచుకుని ముదురు సొరకాయ వస్తే, ఎవరికీ ఇవ్వకండి.