చేతుల రిజిస్టరు

ఆషాఢం వచ్చిందంటే మా వర్క్‌షాపులో నూనె వాసన, ఇనప రజను వాసన వెనక్కి తగ్గి, పచ్చి గోరింటాకు వాసన ముందుకొస్తుంది. వట్లూరు దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో వర్క్‌షాపు చూసుకోవడం నా ఉద్యోగం. ఆడపిల్లలు వేళ్ళ చివర్లకి ఎర్రటి టోపీలు పెట్టినట్టు పండించుకుని వస్తారు. ఆ రెండు మూడు రోజులు ఆకురాయి పట్టుకోవాలన్నా మొహమాటపడిపోతారు. "ఎంత బాగా పండిందో చూడండి మేడం" అని చేతులు చాపుతారు. నేను చూస్తాను. చూసి ఊరుకోకుండా ఒక్కొక్క వేలూ తిప్పి, ఆ ఎరుపు కింద ఏమైనా ఉందేమోనని వెతుకుతాను. మేడంకి చాదస్తం అని పిల్లలు నవ్వుకుంటారు. చాదస్తమే. అది నాకు అంటించిన మనిషి వెంకాయమ్మ గారు. ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. ఉన్నన్నాళ్ళూ ఆవిడ చేతికి నేను ఒక్కసారి కూడా గోరింటాకు చూడలేదు.

చదువు పూర్తయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఆకివీడు దగ్గర ఒక చిన్న యూనిట్‌లో. బందరు వైపు నుంచి ఐసులో వచ్చే కవళ్ళ చేపల్ని శుభ్రం చేసి, డబ్బాల్లో పెట్టి, మూతలు బిగించి పంపేవాళ్ళు. నన్ను క్వాలిటీ చూడమన్నారు. మాది బడిపంతుళ్ళ ఇల్లు, కార్తీకమాసంలో ఉల్లిపాయ కూడా గడప దాటి లోపలికి రాదు. "ఇంకెక్కడా ఉద్యోగాలే లేనట్టు చేపల కంపెనీలోనా?" అని అమ్మ తల పట్టుకుంది. కాగితాల పనేననీ, చేపని ముట్టుకోననీ మాటిచ్చి బయటపడ్డాను. నాకు ఇంట్లో కూర్చోవడం చేతకాదు. కాలుగాలిన పిల్లిలా ఏలూరు వీధులన్నీ తిరుగుతుంటే చూడలేక, చివరికి నాన్నగారే సరేనన్నారు. రోజూ పొద్దున్నే ఏలూరులో బస్సెక్కి, కొల్లేటి మధ్యగా కైకలూరు మీదుగా వెళ్ళేదాన్ని. బస్సులో కూడా ఒకచోట కుదురుగా కూర్చున్నది లేదు. ఏదో ఒకటి కనిపెట్టేయాలి, ఎవరో ఒకరు శభాష్ అనాలి, అదీ నా ఆత్రం.

నా మొదటి పని చేతులు చూడడం. ఎనిమిది గంటలకి డబ్బాలు నింపే ఆడవాళ్ళు పద్నాలుగు మంది వరసగా నిలబడి చేతులు చాపేవారు. వేళ్ళ మీద ఎక్కడైనా కొత్తగా తెగి ఉంటే ఆ మనిషి పేరు రిజిస్టర్‌లో రాసి ఇంటికి పంపాలి. తినే వస్తువులో రక్తం పడకూడదు కదా, రూలు మంచిదే. అయితే పంపిన రోజు కూలి ఉండదు. ఒక నెలలో మూడుసార్లు పేరు పడితే ఇక రానక్కర్లేదు. చేతి తొడుగులు ఇచ్చి చూశారట గానీ తడి చేప జారిపోయేదట, చిన్న ముల్లు తగిలినా తొడుగు చిరిగిపోయేదట.

నేను చేరిన వారానికే వెంకాయమ్మ గారి చూపుడు వేలి మీద గీత కనపడింది. ఆవిడకి అప్పటికి యాభై దాటాయి. కొల్లేటి ఒడ్డు ఊరు. సన్నగా, నిటారుగా ఉండేవారు.

"ఏమండీ, తెగిందండీ ఇక్కడ" అన్నాను.

"ఆయ్, తెగిందండి. డబ్బా అంచు."

"మిగతావాళ్ళకి తెగడం లేదు కదండీ? కాస్త జాగ్రత్తగా చేయాలి మరి."

ఆవిడ వరసలో ఎవరి వైపూ చూడలేదు. "అలాగేనండి మేడంగారు" అని చెంగు సర్దుకుని వెళ్ళిపోయారు. నేను పేరు రాశాను. నా దస్తూరీ గుండ్రంగా, ముచ్చటగా ఉంటుంది, బళ్ళో బహుమతి కూడా వచ్చింది. ఆ పేరు కూడా అలాగే ముచ్చటగా రాశాను.

ఆ రోజు మధ్యాహ్నానికే నాకు తెలిసివచ్చింది, నేను ఇంటికి పంపింది ఆ హాల్లో అందరికన్నా పనిమంతురాలినని. ఆవిడ లేకపోతే డబ్బాలు సగం వంకరగా నిండాయి. మేనేజరు గారు ఒక డబ్బా నా ముందు పెట్టి, "ఏవిటండీ ఇది, పెళ్ళి బస్సులో జనంలా ఉన్నాయి" అన్నారు. మర్నాడు వెంకాయమ్మ గారి పక్కన నిలబడి చూశాను. ఒక చేప తోక పైకి, ఒకటి కిందికి, వెండి పొట్టలన్నీ ఒకే వైపు తిరిగి, మధ్యలో వేలు దూరేంత సందు కూడా లేకుండా ఆవిడ పెడుతుంటే చూడ్డానికే హాయిగా ఉండేది. చివరి రెండు చేపలూ పెట్టేటప్పుడు మాత్రం వేళ్ళు డబ్బా అంచుని రాసుకుంటూ దిగేవి. తెగేది అక్కడే.

"కుక్కడం వేరండి, పేర్చడం వేరండి" అన్నారు చెయ్యి ఆపకుండా. "కుక్కితే డబ్బా నిండుద్ది. పేరిస్తే మూత తీసినోళ్ళకి మన మొహం తెలుద్ది."

నాకు కావలసింది దొరికింది. వేలు పెట్టకుండా చేపల్ని డబ్బాలోకి దించే పనిముట్టు ఒకటి చేస్తాను, శభాష్ అనిపించుకుంటాను. ఆదివారం మా వంటింట్లో జంతికల గొట్టం చూడగానే ఎగిరి గంతేసినంత పని చేశాను. అలాంటిదే పెద్దది చేయించి, అందులో చేపలు వేసి, పైనుంచి కర్ర దిమ్మెతో డబ్బాలోకి నొక్కడం. ఇంతేకదా! తాడేపల్లిగూడెంలో రేకు పని చేసే ఒక పెద్దాయన దగ్గర కూర్చుని చేయించి, సోమవారం హాలు మధ్యలో బల్ల మీద పెట్టాను. చేపలు వేయించి, నేనే దిమ్మె పట్టుకుని నొక్కాను. పొట్టలు పగిలి, ముళ్ళు విరిగి, డబ్బాలోకి ముద్ద దిగింది. హాలంతా ఒక్కసారిగా నవ్వు.

వెంకాయమ్మ గారు మాత్రం నవ్వలేదు. "చేపని పిండనుకున్నారండి మీరు. ఎప్పుడైనా పట్టుకుని చూశారా అండీ?"

"లేదండీ."

"మరి పట్టుకోకుండా దానికి పనిముట్టు ఎలా చేస్తారండీ?"

సిగ్గుతో చెవులు మండాయి. అమ్మకిచ్చిన మాట గుర్తొచ్చింది గానీ ఆ మండే చెవుల ముందు అది నిలబడలేదు. ఆ సాయంత్రం పని అయ్యాక ఆవిడ నా చేతిలో ఒక కవళ్ళ చేప పెట్టారు. చల్లగా, నేననుకున్నదానికంటే గట్టిగా ఉంది. వీపు గట్టి, పొట్ట మెత్తన, తోక వైపు జారుడు. ఎటు నుంచి ఎటు నిమిరితే పొలుసు ఊరుకుంటుందో, ఎటు నిమిరితే లేస్తుందో నా వేలు పట్టుకుని చూపించారు. రోజుకో పది డబ్బాలు నా చేత పేర్పించారు. మూడో రోజుకే నా మూడు వేళ్ళు తెగాయి. ప్లాస్టర్లు చుట్టుకుని, ఉప్పు తగిలి చురచురమంటుంటే ఊదుకుంటూ కూర్చున్నాను.

నా పక్కన డబ్బాలు నింపే లక్ష్మి అది చూసి జాలిపడింది. "ప్లాస్టర్లు ఎందుకండీ మేడం? రాత్రికి గోరింటాకు పెట్టుకోండి. మంటా తగ్గుద్ది, గీతా కనపడదు. మేమందరం అంతే కదండీ" అంది. అన్న తర్వాత నాలిక్కరుచుకుంది.

నేను లేచి నిలబడ్డాను. హాల్లో ఉన్న చేతులన్నీ చూశాను. ఎర్రటి వేళ్ళ చివర్లు. నేను చేరినప్పటినుంచీ, ఆషాఢం కాకపోయినా, ఎర్రగానే ఉన్నాయి. పాపం ముచ్చటపడి పెట్టుకుంటున్నారనుకున్నాను! పద్నాలుగు మందికీ తెగుతోంది. పదమూడు మంది దాచుకుంటున్నారు. వెంకాయమ్మ గారి భర్త పోయి పదేళ్ళు దాటింది. మా నాయనమ్మకి ఏది కూడదన్నారో ఆవిడకీ అదే కూడదన్నారు. గోరింటాకు పెట్టుకునే వీల్లేని ఆ ఒక్క మనిషి చేతులు మాత్రమే నాకు కనపడ్డాయి. అప్పటికి ఆ నెలలో రెండుసార్లు ఆవిడ పేరు రాసేశాను.

బయట పంపు దగ్గర ఆవిడని పట్టుకుని ఆయాసపడుతూ అడిగాను. "నాకెందుకు చెప్పలేదండీ?"

"చెప్తే పదమూడు మందినీ పంపేయాలి కదండీ మీరు."

"మరి మీకు? ఇంకొక్కసారి పడితే..."

"నెల ఎల్లడానికి పన్నెండు రోజులుందండి. చూసుకుంటాను." ఆ తర్వాత గొంతు కొంచెం గట్టిపడింది. "మీరు మేనేజరు గారికి చెప్పకండి. నా కోసం ఆళ్ళ నోటికాడ కూడు తీయకండి."

ఆ పన్నెండు రోజుల్లో నాకు అన్నం సయించలేదు. ఇప్పుడు శభాష్ ఎవరిక్కావాలి? ఆవిడ వేలు తెగకుండా ఉంటే చాలు. ఏ ఆకారం ఆలోచించినా మళ్ళీ జంతికల గొట్టం దగ్గరికే వచ్చి ఆగేదాన్ని. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ ఆవిడ ఇంటికి పట్టుకెళ్ళడానికి కొన్న చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. నేను అటూ ఇటూ పచార్లు చేస్తుంటే, "కూర్చోండి, తల తిరుగుతోంది నాకు" అని ఒక కాయ నా చేతిలో పడేశారు. "గింజల్ని పైనుంచి తోస్తామా అండీ? కాయ విప్పుకుంటాం."

నేను ఆ కాయ వంక చూస్తూ ఉండిపోయాను. గొట్టాన్ని నిలువునా రెండు బద్దలు చేసి, ఒక పక్క మడతబందు పెడితే! పుస్తకంలా తెరిచి పడుకోబెట్టి, రెండు బద్దల్లోనూ చేపల్ని తీరిగ్గా పేర్చుకోవచ్చు. మూసి, గొట్టం మూతిని డబ్బా లోపలికి దించి, వెనక నుంచి కర్ర దిమ్మెతో నెమ్మదిగా తోస్తే మొత్తం కట్ట కట్టంతా చెదరకుండా జారుతుంది. వేలు గానీ చేప గానీ డబ్బా అంచుని తాకదు. ఆ సాయంత్రమే తాడేపల్లిగూడెం బస్సెక్కాను. రేకు పెద్దాయన, "రెండ్రోజులు ఆగండి, అంచు మడిచి ఇస్తాను" అన్నారు. ఆగితే నేనెందుకవుతాను? మడతబందు మాత్రం బిగింపించుకుని, అంచు మడవని గొట్టాన్ని అలాగే పట్టుకుని వచ్చేశాను.

మర్నాడు వెంకాయమ్మ గారి చేతికిచ్చాను. తెరిచారు, పేర్చారు, మూశారు, తోశారు. డబ్బాలో చేపలు పువ్వులా కూర్చున్నాయి. "ఇదండీ, ఇది పేరుస్తోంది" అని ఆవిడ ముఖమంతా వెలిగింది. రెండో డబ్బాకి మూస్తుండగా చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నారు. నేను మడిపించని రేకు అంచు ఆవిడ బొటనవేలిని కోసింది.

ఆ మర్నాడే కొనుగోలుదారుల మనుషులు వచ్చే రోజు. వరసలో చేతులు చూస్తున్నప్పుడు మేనేజరు గారు నా పక్కనే నిలబడ్డారు. పదమూడు జతల ఎర్రటి వేళ్ళు దాటి ఆవిడ దగ్గరికి వచ్చాను. ఆవిడ చెయ్యి దాచలేదు. నా కళ్ళలోకి చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. నోరు విప్పితే పదమూడు మంది పోతారు, విప్పకపోతే ఒక్కరు పోతారు. ఇలా లెక్క వేసుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి భయపడ్డాను. మూడోసారి ఆవిడ పేరు రాశాను.

అంచు మడిచిన పనిముట్టు నాలుగు రోజుల తర్వాత వచ్చింది. ఆడవాళ్ళు దానికి చిక్కుడుకాయ అనే పేరు పెట్టారు. వారంలో పది చేయించారు, హాల్లో వేళ్ళు తెగడం దాదాపు ఆగిపోయింది. మేనేజరు గారు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు గొంతులో ముల్లులా పడింది. ఒక ఆదివారం చిక్కుడుకాయ ఒకటి సంచిలో పెట్టుకుని ఆవిడ ఊరు వెళ్ళాను.

ఆవిడ నన్ను నులకమంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. పనిముట్టు తీసుకుని అంచంతా వేలితో తడిమారు. "ఆళ్ళకి తెగడం లేదు కదండీ?" అదే మొదటి మాట. లేదన్నాను. క్షమించమని అడగడానికి వచ్చాను గానీ ఏడ్చేశాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని అరచేతులు పైకి తిప్పారు. మానినవి, మాననివి, కొత్తవి, పాతవి కలిపి ఏడెనిమిది గీతలున్నాయి. ఒక్కొక్కదాన్నీ రిజిస్టరు చూసినట్టే చూశారు.

"ఇవి రిజిస్టర్లో ఎవరు రాశారండీ?" అన్నారు.

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. ఆ చేతులతోనే నేను నెలంతా హాల్లో తిరిగాను, చేపలు పట్టుకున్నాను, పేర్లు రాశాను. చేతులు చూసే మనిషి చేతులు ఎవరూ చూడలేదు. నాకూ తోచలేదు.

మర్నాడు ఎనిమిది గంటలకి, ఎవరినీ చేతులు చాపమనకుండా, రిజిస్టరు తెరిచి మొదటి వరసలో నా పేరు రాశాను. కారణం: వేళ్ళు తెగినవి. అది మేనేజరు గారి బల్ల మీద పెట్టి, "రూలు ప్రకారం ఇంటికి వెళ్తున్నానండీ" అన్నాను.

"వేళాకోళంగా ఉందా అండీ? మీరు వెళ్తే ఇవాళ చేతులు ఎవరు చూస్తారు?"

"ఎవరినైనా పెట్టండి. ముందు వాళ్ళ చేతులు చూడండి. వెంకాయమ్మ గారికి మూడోసారి తెగింది కూడా నేను చేయించిన రేకుతోనేనండీ."

వెళ్ళాను కూడా. మూడు రోజులు వరసగా అలాగే చేశాను. నాలుగో రోజు మేనేజరు గారు విసుక్కుంటూనే రూలు మార్చారు. తెగినవాళ్ళు ఇంటికి వెళ్ళక్కర్లేదు, మానేదాకా లేబుళ్ళ గదిలో కూర్చుని పని చేసుకోవచ్చు, కూలి ఉంటుంది. ఇంత తేలిక మాట అన్నాళ్ళూ మా ఎవరి బుర్రకీ రాలేదు. మూడుసార్ల లెక్కా పోవడంతో, కబురు అందుకుని తర్వాతి సోమవారం వెంకాయమ్మ గారు వచ్చి, ఏమీ జరగనట్టే తన చోట నిలబడ్డారు. ఆ తర్వాత ఆరేళ్ళు పనిచేశారు. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ చిక్కుడుకాయ ఇచ్చే ముందు వట్టి చేతులతో వంద డబ్బాలు పేర్పించేవారు.

ఇన్నేళ్ళలో నేను ఎందరి హాజరు, ఎందరి తప్పులు రాశానో. రాయబోయే ప్రతిసారీ, ఈ పిల్ల దొరికింది సరే, దొరకనివాళ్ళ దగ్గర ఏముందో చూశానా అని చెయ్యి ఆగుతుంది. ఆ ఆగడంలో శాంతి ఏమీ లేదు, పొద్దున్న లేస్తూనే ఆ గుబులు మొదలవుతుంది. ఆ చేపల కంపెనీలో నేను ఉద్యోగం మానేసిన రోజున ఆ పాత రిజిస్టరు తెరిచి, ఆవిడ పేరున్న పేజీలు చింపేస్తానన్నాను. వెంకాయమ్మ గారు ఒప్పుకోలేదు. "ఉండనివ్వండి" అన్నారు. ఆ పేరు అక్కడ మూడుచోట్ల ఉంది, గుండ్రంగా, ముచ్చటగా, నా దస్తూరీలో.