మా బూత్‌లో ఒక్క ఓటు

మా ప్రెస్సులో బైండింగు గదంటే ఆమే. పందొమ్మిదో ఏట చేరింది, ఇప్పుడు యాభై రెండు. నేను పక్కగదిలో ప్రూఫులు దిద్దుతాను. రెండు గదులకీ మధ్య సగం అద్దాల గోడ. ముప్పై ఏళ్ళకు పైగా ఆ అద్దంలోంచి ఆమె కాగితాలు మడవడం చూస్తూ ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ దిద్దాను. నేను చేసినది ఒకటి మాత్రం దిద్దకుండా వదిలేశాను. ఆమె గురించి రాయడానికి నాకున్న అర్హత అదొక్కటే.

పనిలో ఆమె ఎలాంటిదో ముందు చెప్పాలి. అచ్చయిన పెద్ద కాగితాన్ని మూడు మడతలు వేస్తే పదహారు పేజీలవుతాయి. మా చేతుల్లో అది మడతపెట్టినట్టుంటుంది, ఆమె చేతిలో దానంతటదే ఒద్దికగా కూర్చున్నట్టుంటుంది. కట్ట అంచు మీద బొటనవేలు ఒక్కసారి జార్చి, ఆ చప్పుడు విని "రెండు తక్కువ" అనేది. లెక్కపెడితే సరిగ్గా రెండే తక్కువ. చదువు ఐదో తరగతితో ఆగింది. కానీ ఇన్నేళ్ళలో మా దగ్గర అచ్చయిన పుస్తకాలన్నీ ఆమె చేతిమీదుగా వెళ్ళినవే, అదీ పదహారేసి పేజీల చొప్పున. అందుకని ఆమెకు చాలా కథల నడుములు తెలుసు, మొదలూ చివరా తెలియవు. అద్దం మీద వేలితో కొట్టి, "అన్నా, ఆ డాక్టరు ఆ పిల్లని చేసుకున్నాడా లేదా?" అని అడిగేది. చేసుకున్నాడమ్మా అంటే, "అనుకున్నా, వెధవ!" అని మళ్ళీ పనిలో పడేది.

ప్రెస్సు వెనక సందులో మా కార్మిక సంఘం గది ఉంది. పొద్దున్నే ఆమె తాళం తీసి, ఊడ్చి, కుండలో నీళ్ళు పోసి, బల్లమీద పేపర్లు పరిచి అప్పుడు పనికి వచ్చేది. తాళంచెవి దారానికి కట్టి మెడలో వేసుకునేది. ఇరవై రెండేళ్ళు అలాగే. ఇది ఉద్యోగం కాదు, పదవీ కాదు. కానీ కొత్తవాళ్ళెవరైనా మీరేం చేస్తుంటారని అడిగితే, బైండింగు మాట తర్వాత ఎత్తేది, ముందు మాత్రం "సంఘం గది తాళం నా దగ్గరుంటుంది" అనేది. మేమంతా నవ్వేవాళ్ళం. ఆమె నవ్వేది కాదు.

ఆమె భర్త మిషన్ మీద పనిచేసేవాడు. ఒకప్పుడు ప్రెస్సులో మేమంతా సమ్మె చేశాం, అప్పటికి పెద్ద పార్టీదే ప్రభుత్వం. వాళ్ళ మంత్రి మా గేటు ముందు బల్లెక్కి, ఒక్కడి ఉద్యోగం కూడా పోదని మాట ఇచ్చాడు. నమ్మి సమ్మె విరమించాం. వారం తిరక్కుండా నలభై మూడు మందిని తీసేశారు, ఆ కాగితం మీద మంత్రిగారి సంతకమే ఉంది. ఆ నలభై మూడులో ఆమె భర్త ఒకడు. తర్వాత ఆరేళ్ళు ఎవరిదో గోదాముకు కాపలా కాసి, ఏడో ఏడు పోయాడు. అప్పట్నుంచి మా వీధిలో పెద్ద పార్టీ పేరెత్తితే ఉమ్మేసేవాళ్ళు. కొందరు మా చిన్న పార్టీకే ఓటు వేస్తూ వచ్చారు. దానికి గెలుపన్నది ఎలా ఉంటుందో తెలియదు, పాపం. మిగతావాళ్ళు అసలు ఓటే మానేశారు. ఆమె మానేసినవాళ్ళలో ఉంది.

ఐదేళ్ళ కిందటి ఎన్నికల్లో కొత్తగా ఒక పార్టీ లేచింది. మేము దాన్ని అరుపుల పార్టీ అనేవాళ్ళం. సంఘాల గదులన్నిటికీ తాళాలు వేయిస్తామని మైకుల్లో అరిచేవాళ్ళు. దాన్ని ఆపగలిగేది పెద్ద పార్టీ ఒక్కటే. మా చిన్న పార్టీ కూడా అభ్యర్థిని నిలబెట్టింది, అలవాటు చొప్పున. అప్పుడు పెద్ద పార్టీ నుంచి కోటు వేసుకున్న ఒకాయన సంఘం కార్యదర్శినని నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "ఇక్కడ మా మాట ఎవరూ నమ్మరు, మీ మాట నమ్ముతారు" అన్నాడు. ఆ ముక్క వింటే ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. అయినా ఆయన చెప్పింది అబద్ధం కాదు, నేను నమ్మిందీ అబద్ధం కాదు. అరుపుల పార్టీ వస్తే ఏమవుతుందో నాకు నిజంగానే భయం.

మా బూత్ కింద ఉన్న సమ్మెనాటి పాతవాళ్ళు ముప్పై తొమ్మిది మంది. పేర్లు రాసుకుని ఇంటింటికీ తిరిగాను. నాతోపాటు పెద్ద మిషన్ తాత వచ్చేవాడు, ఒకప్పుడు ప్రెస్సులో ఆ మిషన్ నడిపినవాడు. మా అందరికన్నా పెద్దవాడు, మోకాళ్ళు పోయినా నోరు పోలేదు. నా వాదన ఒకటే: గుడ్డికన్నా మెల్ల నయం. ఇల్లంటుకున్నప్పుడు బిందె తెచ్చినవాడు మంచివాడా చెడ్డవాడా అని ఆరా తీస్తామా? ముందు మంట ఆర్పుదాం, వాడి సంగతి తర్వాత చూద్దాం. ఒక్కొక్కరే లొంగారు. ఆమె ఒక్కతే మిగిలింది.

మధ్యాహ్నం అన్నాల వేళ బైండింగు గదిలోకి వెళ్ళాను.

"అన్నా, అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. నువ్వేమో తొక్కమని చెప్పడానికొచ్చావు" అంది, నేను కూర్చోకముందే.

"కాలు కడుక్కోవచ్చమ్మా. కాలే లేకుండా పోతే?"

"బాగానే చెప్తావు. ఆ సంతకం పెట్టిన చేతిని మళ్ళీ నన్నే పట్టుకోమంటావా?"

అక్కడ ఆగిపోవలసింది. ముప్పై ఎనిమిది మందిని ఒప్పించిన నోరు, ఒక్కరి దగ్గర ఓడిపోవడమేమిటి అనిపించింది. "మీ ఆయనే ఉంటే ఏమనేవాడు? వెయ్యి అనేవాడు" అన్నాను. ఆయన అలా అంటాడని నాకు ఏ కోశానా తెలియదు. పోయినవాడు వచ్చి కాదనడని మాత్రం తెలుసు.

ఆమె అన్నం డబ్బా మూత పెట్టి, చేతులు తుడుచుకుంది. "సరే. నీ మాట మీద వేస్తాను, నా మనసు మీద కాదు" అంది.

పోలింగు మా వీధి బడిలోనే. వరసలో ఆమె నాకంటే నలుగురు ముందు. లోపలికి వెళ్ళి వచ్చి, బడి కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, నా పక్కనుంచి వెళుతూ, "వేశానన్నా. కడిగినా పోయేలా లేదు" అంది. మంచిపని చేశావమ్మా అన్నాను.

నా వంతు వచ్చింది. అట్టపెట్టె చాటున కాగితం పరుచుకుని, ముద్ర చేత్తో పట్టుకుని నిలబడ్డాను. పెద్ద పార్టీ పేరు పైన ఉంది. మాది అడుగున. ఆ మంత్రి బల్లెక్కి చెప్పిన మాట చెవిలో మోగింది. ముప్పై తొమ్మిది మంది వేస్తున్నారు కదా, నాదొక్కటి లేకపోతే ఏం మునిగిపోతుంది అనుకున్నాను. ఎవరు చూడొచ్చారు అని కూడా అనుకున్నాను. ముద్ర తీసుకెళ్ళి అడుగున గుద్దాను. చెయ్యి తప్పిందని గానీ అలవాటని గానీ చెప్పను. తెలిసే గుద్దాను. అందరినీ అడుసులోకి దింపి నా కాలొక్కటే గట్టున పెట్టుకున్నాను. ఇంకా సిగ్గుచేటైన సంగతేమిటంటే, బయటికొచ్చాక నా మీద నాకే గౌరవం పెరిగింది. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఫలితాల తర్వాత బూత్‌ల వారీ లెక్కల కాగితం తెచ్చి, ప్రెస్సులో ప్రూఫు చూసినట్టే ఒకరు పైకి చదువుతారు, ఒకరు పెన్సిలు పెట్టి సరిచూస్తారు. చదివేది తాత, పెన్సిలు నాది. ఇన్నేళ్ళలో ఆ వరస మారలేదు. అసలు ఫలితం అప్పటికే తెలుసు. మా నియోజకవర్గంలో పెద్ద పార్టీ పందొమ్మిది ఓట్లతో ఓడిపోయింది. అరుపుల పార్టీ గెలిచింది. గది నిండా జనం, ఎవరి మొహంలోనూ నెత్తురు చుక్క లేదు.

తాత మా బూత్ దగ్గరకొచ్చాడు. పెద్ద పార్టీ ఇంత, అరుపుల పార్టీ ఇంత అని చదివి, కళ్ళజోడు సర్దుకుని, "మన చిన్న పార్టీ, ఒకటి" అన్నాడు.

పెన్సిలు పెట్టాను. ఒకటి పక్కన గీత గీశాను.

ఎవరూ ఎవరినీ అడగలేదు. తలలన్నీ నీళ్ళకుండ దగ్గర నిలబడ్డ ఆమె వైపే తిరిగాయి. మొదట్నుంచీ కాదన్నది ఆమే కదా. "వేశావా, లేదా?" అన్నాడొకడు. "వేశాను" అంది. "ఎవరు చూశారు?" అన్నాడు ఇంకొకడు. "ఓటు ఎవరైనా చూస్తారా?" అంది. నిప్పు లేనిదే పొగ రాదన్నాడు మూడోవాడు. తాత బల్ల చరిచి, "పందొమ్మిదమ్మా! ఇలాంటివి పందొమ్మిది! నీ ఒక్కదాని పంతం కోసం ఇంతమంది నోట్లో మన్ను కొట్టావు" అన్నాడు. ఆమె ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది. "నా చేత్తో వేశాను. ఈ అన్న మాట మీద వేశాను" అంది.

నేను తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాను. ఒక్క మాట చాలు. నోటిదాకా వచ్చింది కూడా. నేను కార్యదర్శిని, రేపట్నుంచి నా మాట ఎవడు వింటాడు అనిపించింది. సంఘం కోసం నోరు మూసుకుంటున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. సంఘం కోసమట!

తాళంచెవి ఆమె దగ్గర ఉండకూడదని చేతులెత్తి తీర్మానించారు. అందరితోపాటు నా చెయ్యి లేవలేదు, అలాగని వద్దనీ అనలేదు. ఆమె మెడలోంచి దారం తీసి నా ముందుకొచ్చింది. కార్యదర్శి చేతికే ఇవ్వాలి మరి. చెయ్యి చాపాను, తీసుకున్నాను.

అప్పట్నుంచి వీధిలో ఆమె పేరు ఒక్కోటు. "ఒక్కోటు వెళుతోంది", "ఒక్కోటుకి ఇవ్వండి ఈ కట్ట" అనేవాళ్ళు. ఆమె వినపడనట్టు నడిచేది. గది తుడిచేవాళ్ళు లేక బల్లమీద దుమ్ము పేరింది. నెల తిరక్కముందే అరుపుల పార్టీ ప్రభుత్వం గది మూయమని నోటీసు పంపింది. కోర్టులో వాయిదాల మీద ఇంకా తెరిచే ఉంది. ఆమె పనిలో ఏ తేడా లేదు. కానీ అద్దం మీద కొట్టి కథ ఏమయిందని అడగడం మానేసింది. రోజూ నా కుడిచెవి అటే ఉండేది. మా ఆవిడ ఒకసారి, "ఏమండీ, పాపం ఆవిడ వేసే ఉంటుందేమోనండీ" అంది. ఏమో అన్నాను. ఇంట్లోనూ అంతే, చెప్పుకోలేకపోయాను.

ఈ ఏడు మళ్ళీ ఎన్నికలొచ్చాయి. మళ్ళీ ఆ కోటాయనే, అదే మాట. మళ్ళీ పేర్ల కాగితం పట్టుకుని బయల్దేరాను. కాదనే ధైర్యం కూడా లేదు నాకు. ఆమె పేరు చివర రాసుకుని, చివరే బైండింగు గదిలోకి వెళ్ళాను. ఆమె కుట్టుపనిలో ఉంది.

"మళ్ళీ వచ్చావా అన్నా."

"వచ్చానమ్మా."

"గుడ్డికన్నా మెల్ల నయమంటావు."

"అంటాను."

సూదిలో దారం తెంపి, ముడి వేసింది. "వేస్తాను. ఈసారి నువ్వు కూడా వెయ్యి."

పక్కన కాగితాల కట్ట మీద కూలబడ్డాను. మామూలప్పుడైతే లే అని కసిరేది.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాను.

"ఆ రోజే. గదిలో ఉన్నవాళ్ళంతా అడిగారు, వేశావా లేదా అని. నువ్వొక్కడివే అడగలేదు."

"మరి అప్పుడే చెప్పకపోయావా!"

"ఒక్కోటు మాట ఎవరు నమ్ముతారన్నా? నువ్వే చెప్తావనుకున్నా. వారం చూశాను. నెల చూశాను. తర్వాత చూడ్డం మానేశాను." ఆమె గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే కాస్త ఊపిరి పీల్చుకునేవాణ్ణి.

"శనివారం గదికి రా అమ్మా. అందరి ముందూ చెప్తాను."

"నాకోసమైతే అక్కర్లేదు" అంది. అయినా వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

లేచి చెప్పాను. ఆ ఒక్క ఓటు నాదని, ముద్ర ఎక్కడ గుద్దానో, ఎందుకు గుద్దానో, పోయిన మనిషి పేరు చెప్పి ఆమెను ఎలా ఒప్పించానో, ఏదీ దాచకుండా చెప్పాను. చెబుతుంటే తల తీసేసినట్టయింది. తిడతారని, పేర్ల కాగితం నా మొహాన కొడతారని ఎదురుచూశాను.

తాత లేచాడు, కుంటుకుంటూ వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు.

"నిన్ను మేం ఎరగమట్రా? ఆడకూతురి పరువు కోసం ఇంత నింద నెత్తిన వేసుకుంటావా!"

"కాదు తాతా, నిజం! నేనే వేశాను!"

"చాల్లే, ఊరుకో. నువ్వు చెప్పడమూ, మేం నమ్మడమూనా?" అన్నాడు. ఎవరో చప్పట్లు మొదలెట్టారు. నిజం నిజమని అరిచినకొద్దీ చప్పట్లు పెరిగాయి. ముప్పై ఏళ్ళు పోగేసుకున్న మంచిపేరు, ఆ రోజు నా నోటికే అడ్డం పడింది.

తాత చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టాడు. "ఈయన మొహం చూసి, ఆవిడ చేసిన తప్పు క్షమించేద్దాం. తాళంచెవి ఇచ్చేయండి" అన్నాడు. అందరూ సరేనన్నారు. దారానికి కట్టిన తాళంచెవి చేతులు మారుతూ గుమ్మందాకా వెళ్ళింది.

ఆమె దానివైపు చూసింది, నావైపు చూసింది. "ఉంచుకోండి" అంది. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

వెనకాలే వెళ్ళాలని లేచాను. చుట్టూ జనం మూగారు, నా భుజం తడుతూనే ఉన్నారు.