కాన్‌బెర్రాకి చలిమిడి

కాన్‌బెర్రా అంటే నాకు పడదు. సిడ్నీలో ఈ మాట ఎవరితో అన్నా నవ్వి ఊరుకుంటారు, ఎందుకంటే సిడ్నీ వాళ్ళెవరికీ ఆ ఊరు పడదు. అక్కడ సముద్రం లేదని ఒకరికి చిరాకు, చీకటి పడితే వీధిలో పురుగు కనిపించదని ఇంకొకరికి చిరాకు. నా కోపానికి వేరే కారణం ఉంది. నా భర్త పోయింది ఆ ఊళ్ళో. ఆయన పోయాక ఎంతో మర్యాదగా నన్ను ఓ పక్కన కూర్చోబెట్టిందీ ఆ ఊరే.

అందుకే అప్పట్లో పిల్లని తీసుకుని సిడ్నీ శివార్లలో స్కోఫీల్డ్స్ వచ్చేశాను. మళ్ళీ ఆ ఛాయలకి పోకూడదనుకున్నాను. నా ఖర్మ కాలి, మా అమ్మాయి పెరిగి పెద్దదై, ఆస్ట్రేలియా అంతా వెతికి మరీ కాన్‌బెర్రా కుర్రాణ్ణే చేసుకుంది. అదీ ఆ ఊళ్ళో హారిసన్ అనే పేటలోనే, మేం పూర్వం అద్దెకున్న వీధికి కూతవేటు దూరంలో అత్తవారిల్లు. పెళ్ళి సిడ్నీలోనే చేశాను. కన్యాదానం మా మరిది, తోడికోడలు చేశారు. పీటల మీద దంపతులే కూర్చోవాలన్నారు, సరే అన్నాను. ఆ తరవాత పిల్లని చూడాలనిపిస్తే రమ్మనేదాన్ని గానీ నేను వెళ్ళేదాన్ని కాదు.

పోయినేడు దానికి కడుపు నిలవలేదు. అప్పుడు కూడా అదే నా దగ్గరికొచ్చి, నా మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఈసారి ఏడో నెల వచ్చింది. సీమంతం చేస్తామని వియ్యపురాలు ఫోన్ చేసింది. ఇక వెళ్ళక తప్పలేదు.

మా వైపు కడుపుతో ఉన్న పిల్లకి పుట్టింటివాళ్ళు చలిమిడి చేసి తీసుకెళ్తారు. తల్లి దాన్ని కూతురి ఒళ్ళో పెడుతుంది. కూతురు కొంగు పట్టి అందుకుంటుంది. కడుపు చలవ అంటారు. కన్యాదానం ఎవరికో ఇచ్చేశాను, చలిమిడి మాత్రం ఇవ్వదలచుకోలేదు. ఆ సంగతి ఫోన్‌లో ముందే అమ్మాయితో తేల్చుకున్నాను.

"చలిమిడి నేనే పెడతాను. తరవాత మీ అత్తగారు ఇంకేదో అంటే నేను ఊరుకోను" అన్నాను.

"Of course, Amma. Who else?" అంది.

ఆ మాట పట్టుకునే బియ్యం నానబోశాను. తడిపిండి మిక్సీలో కొట్టి, జల్లెడ పట్టి, బెల్లం పాకం తీశాను. పాకం ఒక పిసరు ముదిరిందని తోచి అంతా అవతల పారబోసి మళ్ళీ మొదలుపెట్టాను. నేయి, గసగసాలు, కొబ్బరి ముక్కలు, ఏలకుల పొడి, దేంట్లోనూ లోటు చెయ్యలేదు. స్టీలు డబ్బాలో పెట్టి, కారులో నా పక్క సీటులో కూర్చోబెట్టి బెల్టు కూడా కట్టాను. దారిలో బ్రేకు వేసినప్పుడల్లా చెయ్యి దాని మీదికే పోయింది.

ఊరు దగ్గరపడేకొద్దీ నా ఒళ్ళు మండటం మొదలైంది. రాజధాని ఎక్కడో తేలక కొట్టుకున్న రాష్ట్రం నుంచి వచ్చినదాన్ని నేను. వీళ్ళూ ఒకప్పుడు అలాగే కొట్టుకున్నారట. సిడ్నీ అని వీళ్ళు, మెల్‌బోర్న్ అని వాళ్ళు. చివరికి ఇద్దరికీ దక్కకుండా గొర్రెలు మేసే బీడులో తెచ్చి పెట్టారు. ఆ గొర్రెల బీడు కళ ఇప్పటికీ పోలేదు. దారి పక్కన చచ్చిన కంగారూలు, వాటి మీద కాకులు. ఆ తరవాత చుట్టూ తిరిగి పోవాల్సిన ఒక రౌండబౌట్, దాని తరవాత ఇంకొకటి. ఊరు కట్టినవాడికి తిన్నగా వెళ్ళేవాళ్ళంటే ఏదో పగ ఉన్నట్టుంది.

నేను వెళ్ళిపోయాక ట్రామ్ వేశారు. పెద్ద రోడ్డు మధ్యలో ఎర్రటి బండి ఒకటి, ఉద్యోగాలకి పోయే జనాన్ని నింపుకుని చప్పుడు లేకుండా పోతోంది. అటూ ఇటూ కొత్త అపార్ట్‌మెంట్లు లేచాయి. అందరూ బాగుపడ్డారు. నాకది కూడా నచ్చలేదు. ఆయన్ని మింగిన ఊరికి అంత తొందరగా ఒళ్ళు చెయ్యడమేమిటి?

మేం ఉన్న ఇంటి ముందు నుంచి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది. ముందున్న గడ్డి పీకేసి గులకరాళ్ళు పోశారు. ఆ వాకిట్లోనే మొదటి చలికాలం ఆయన కారు అద్దం మీద మంచు చూసి, ఇంత బతుకూ బతికి దీనికి భయపడతామా అన్నట్టు మరిగిన కెటిల్ తెచ్చి దాని మీద కుమ్మరించారు. అద్దం టప్పుమంది. ఈ చివరి నుంచి ఆ చివరికి గీత. ఎదురింటి తెల్లాయన బకెట్టులో చన్నీళ్ళు పట్టుకుని నిలబడి, అయ్యో అన్నట్టు చూశాడు. ఆయన మాత్రం నావైపు తిరిగి, "ఉప్మాకి ఎసరు పెట్టిన చేత్తో పోశాను కదా, అందుకే" అన్నారు. అదేం కారణమో ఇప్పటికీ నాకు తెలియదు. నవ్వలేక చచ్చాం. ఇప్పుడు కారాపి చూస్తే ఆ వాకిట్లో ఎవరిదో పడవంత కారు ఉంది. ఆపకుండా ఉండాల్సింది.

ఆయన పోయిన ఏడు శ్రావణమాసంలో ఆ వీధి వెనకాలే ఒకావిడ వరలక్ష్మీ వ్రతానికి పిలిచింది. పిలవకపోతే బాగుండదని పిలిచింది, వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను. అందరూ చదువుకున్నవాళ్ళే. డాక్టర్లు, ఇంజనీర్లు, యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాళ్ళు. కుంకుమ భరిణె వరసగా అందరి దగ్గరికీ వస్తోంది. నా పక్కావిడ దాకా వచ్చింది. నేను లేవబోయాను. "అయ్యో, మీరు కూర్చోండి అక్కా, మీకెందుకు శ్రమ" అంది ఆ ఇంటావిడ, ఎంతో ప్రేమగా నా భుజం మీద చెయ్యి వేసి. భరిణె నా తల మీదుగా అవతలికి వెళ్ళిపోయింది.

ఛీ పొమ్మంటే తిరిగి ఒక మాట అనచ్చు. కూర్చోండి అన్నవాళ్ళని ఏమంటాం? ఆ తరవాత ఏ ఇంటికి వెళ్ళినా అంతే. దీపం వెలిగించేటప్పుడు కూర్చోండి. హారతి పట్టేటప్పుడు కూర్చోండి. పిల్లకి బొట్టు పెడదామంటే కూర్చోండి. కూర్చుని కూర్చుని విసుగొచ్చి ఊరే ఖాళీ చేశాను.

వియ్యపురాలి ఇంట్లో హాలు నిండా పట్టుచీరలు. గోడకి బంతిపూల దండలు, అవి ప్లాస్టిక్‌వి. మధ్యలో కుర్చీలో నా కూతురు. ఆకుపచ్చ చీర, చేతుల నిండా గాజులు, కాస్త నీరు పట్టిన మొహం. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూస్తే దారిలో పడిన మంటంతా కాస్త తగ్గింది.

"రండి రండి వదినగారూ! డ్రైవ్ బానే జరిగిందా? ట్రాఫిక్ ఏం లేదుగా? ముందు కూర్చోండి" అంటూ వియ్యపురాలు నా చేతిలో డబ్బా తీసుకుని లోపలికి పోయింది.

వచ్చీ రాగానే ఆ మాటే. సరేలే, అలవాటుగా అని ఉంటుంది అనుకున్నాను. ముత్తైదువలు వరసగా లేచి గంధం రాశారు, బొట్టు పెట్టారు, అక్షింతలు వేశారు. నేను ఓపిగ్గానే ఉన్నాను. నాకు కావలసింది ఒక్కటే, దాని వంతు రానీ అనుకున్నాను. చివరికి వెండి పళ్ళెంలో నా చలిమిడి వచ్చింది. పళ్ళెం పట్టుకొచ్చింది వియ్యపురాలి చెల్లెలు. తిన్నగా కుర్చీ దగ్గరికి నడుస్తోంది.

నేను లేచాను. "వదినగారూ, చలిమిడి నేను పెడతాను" అన్నాను.

"అయ్యో, మీరు పెట్టినట్టే కదా! చేసి తెచ్చింది మీరేగా. మా చెల్లి మీ తరఫున పెడుతుంది, ఏముంది అందులో? మీరిలా ఫ్రంట్‌లో కూర్చోండి, ఫోటోల్లో క్లియర్‌గా పడతారు."

"ఫోటోల కోసం రాలేదండీ నేను."

"అది కాదు వదినగారూ. లాస్ట్ టైమ్ అలా అయింది కదా. పెద్దవాళ్ళు మీకు నేను చెప్పాలా? మనకి కావాల్సింది బేబీ సేఫ్‌గా ఉండటమే."

పోయినేడు నిలవకపోవడానికి నేనేదో కారణమన్నట్టు, అది అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు, ఎంత మెత్తగా అందో! నేను చెల్లెలి చేతిలోంచి పళ్ళెం తీసుకున్నాను. లాక్కున్నాను అంటే అనుకోండి. కూతురి ముందుకి వెళ్ళి నిలబడ్డాను.

"కొంగు పట్టమ్మా" అన్నాను.

అది నావైపు చూసింది. రెండు చేతులూ కొంగు మీదికి వెళ్ళలేదు. కడుపు మీదికి వెళ్ళాయి. గాజులన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. రెండు అరచేతులూ కడుపుకి అడ్డంగా పెట్టుకుని కుర్చీలో కొద్దిగా వెనక్కి జరిగింది.

"Amma, let aunty do it. Please."

రోజూ ఉద్యోగానికి వెళ్ళి బ్లాక్‌టౌన్ ల్యాబులో రక్తం తీసే గదిలో కూర్చుని ఎవరెవరివో చేతులు పట్టుకుంటాను. సూది చూసి వణికేవాళ్ళు కూడా నా మొహం చూసి చెయ్యి చాపుతారు. నా కడుపున పుట్టినది చేతులు తియ్యలేదు. ఎవరో చెప్పి చేయించినట్టు లేదు. వేడి తగిలితే చెయ్యి ఎలా వెనక్కి వస్తుందో అలా, దానికే తెలియకుండా జరిగింది.

పళ్ళెం ఆ చెల్లెలికి ఇచ్చేశాను. ఆవిడ ముందు మా అమ్మాయి కొంగు పరుచుకుంది. చలిమిడి ఒళ్ళో పడింది. అందరూ చప్పట్లు కొట్టారు, ఫోటోలు తీశారు. ఎవరో చిన్న ముద్ద నా చేతిలో కూడా పెట్టి, చాలా బాగా కుదిరిందండీ ఆంటీ అన్నారు.

భోజనానికి ఉండలేదు. అల్లుడు కారు దాకా వచ్చాడు. మంచివాడే. "అత్తయ్యా, at least lunch చేసి వెళ్ళండి" అన్నాడు, తన తల్లి చేసిన పని తన మొహంలో మోస్తూ. పనుందని చెప్పి కారు తీశాను. ఖాళీ డబ్బా వాళ్ళింట్లోనే ఉండిపోయింది. ఉండనీ అనుకున్నాను.

అన్ని రౌండబౌట్లూ దాటి హైవే ఎక్కాక ఆ ఊరిని తిట్టుకోబోయాను. ఇన్నేళ్ళుగా నాకు బాగా అలవాటైన పని అది. తిట్లు రాలేదు. వియ్యపురాలిని తిట్టుకుందామన్నా రాలేదు. ఆవిడ ఆవిడలాగే ఉంది, అంతకంటే ఏం చేస్తుంది? కోపం మాత్రం గుండెల్లో గడ్డకట్టి ఉంది, అదంతా నా కూతురి మీద. అది పుట్టిన దగ్గర్నుంచీ దాన్ని ఎన్నోసార్లు కసిరాను, కొట్టాను కూడా. ఇలాంటి కోపం ఎప్పుడూ రాలేదు. ఊరి మీద కోపం వస్తే ఊరు వదిలి పోవచ్చు. దీన్నేం చెయ్యను? నేను ఏడ్చానని చెప్పడానికి సిగ్గులేదు, పెద్దగానే ఏడ్చాను.

దారిలో గోల్‌బర్న్ ఊరి దగ్గర ఫోన్ మోగింది. అదే. తియ్యలేదు. మళ్ళీ మోగింది, మళ్ళీ తియ్యలేదు. ఇంకోసారి మోగితే దానికి ఒంట్లో ఎలా ఉందోనని భయమేసి, కారు పక్కకి ఆపి మాట్లాడాను.

"ఊఁ" అన్నాను.

వెనకాల గిన్నెల చప్పుడు, ఎవరో నవ్వుతున్న చప్పుడు. తలుపు వేసుకున్నట్టుంది, చప్పుళ్ళు తగ్గాయి. నేను తెలుగులో ఏం అడిగినా ఇంగ్లీషులోనే జవాబు చెప్పే పిల్ల అది. చిన్నప్పట్నుంచీ అంతే.

"అమ్మా, నాకు భయమేసింది" అంది.

పోయినేడు గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు కూడా దాని గొంతు ఇంత చిన్నగా లేదు. ఫరవాలేదులే అనాలి. తల్లి అయినది ఎవరైనా ఆ మాటే అంటుంది. ఆ మాట నా నోటి చివరి దాకా వచ్చింది.

"ఎవర్ని చూసి?" అని అడిగాను.

ఏడుస్తున్నట్టు దాని ఊపిరి మాత్రం వినిపిస్తోంది. పక్కనుంచి లారీలు పోతున్నాయి, ఒక్కొక్కటి పోయినప్పుడల్లా కారు ఊగుతోంది. అది ఫోన్ పెట్టెయ్యలేదు. నేనూ పెట్టెయ్యలేదు.