నాగవల్లి దడి మీద డ్రోన్

మా ఊళ్లో రొయ్యల చెరువుల మీద పక్షులు వాలకుండా దారాలు కట్టే పని నాగవల్లిది. భీమవరం చుట్టుపక్కల ఈ పని తెలియనివాళ్లు లేరు. ఒక చెరువులో జబ్బుపడిన రొయ్యను కాకి ఎత్తుకెళ్లి పక్క చెరువులో జారవిడిస్తే ఆ చెరువు కూడా పోతుంది. అందుకని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి సన్నటి నైలాన్ దారాలు లాగి కడతారు. ఎండలో అవి కంటికి ఆనవు. నాగవల్లి వేసిన ముడి గాలివానకి కూడా ఊడదు.

ఆమె ఇల్లు రమేష్ బాబు గారి చెరువుగట్టును ఆనుకునే ఉంది. గారు అని అలవాటు కొద్దీ వచ్చింది, ఇకనుంచి అనను. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి దగ్గరపడిందని, దొంగల భయమని అతను అరచేతిలో పట్టేంత డ్రోన్ ఒకటి తెచ్చాడు. గట్టు మీద షెడ్డులో మంచం వాల్చుకుని, ఫోన్లో చూసుకుంటూ ఎగరేసేవాడు. దొంగలు వచ్చేది రాత్రి. ఇది ఎగిరేది పొద్దున్న, ఆడవాళ్లు నీళ్లు పోసుకునే వేళకి.

నాగవల్లి ఇంటి వెనక స్నానానికి నాలుగు వైపులా తాటాకు దడి ఉంది, పైకప్పు లేదు. ఇక్కడ చాలా ఇళ్లకి అంతే. ఆమె కూతురు వినీల ఇంటర్ చదువుతోంది. ఒకరోజు ఆ పిల్ల తల రుద్దుకుంటుంటే పైన కందిరీగలా మోత వినిపించి తలెత్తి చూసింది. ఆ రోజు నుంచి నైటీ విప్పకుండానే నీళ్లు పోసుకుని, తడిబట్టలతో లోపలికి పరిగెత్తేది.

నాగవల్లి వెళ్లి అడిగింది. చెరువు తప్ప ఇంకేం చూడటం లేదన్నాడు రమేష్ బాబు. మీ దడిలో చూడ్డానికి ఏముందని కూడా అన్నాడు. పక్కన కూర్చున్నవాళ్లు నవ్వారట. వాళ్లెవరో నాకు తెలుసు, ఒక్కొక్కడికీ ఇంట్లో ఆడపిల్లలున్నారు. సర్పంచ్ దగ్గరికి వెళ్తే రుజువేదన్నాడు. పైన టార్పాలిన్ పట్టా కప్పుకోమని ఉచిత సలహా కూడా ఇచ్చాడు.

“చూసేవాడు మానడంట, మేం కప్పుకోవాలంటండి,” అంది నాగవల్లి నాతో.

పట్టా కప్పలేదు. మిగిలిపోయిన దారం తెచ్చి, నాలుగు మూలలా వెదురుకర్రలు పాతి, దడికి జానెడు పైన అడ్డంగా, నిలువుగా లాగి కట్టింది. చెరువు మీదకంటే దగ్గర దగ్గరగా కట్టింది. పైన ఎగిరిపోయేదానికి ఆ దారాలతో ఏ ఇబ్బందీ లేదు. దడిలోకి దిగబోతేనే తగులుకుంటుంది.

ఆదివారం పొద్దున్న తగులుకుంది. వినీల కేక విని ఆడవాళ్లమంతా పోగయ్యాం. రెక్కలు విరిగిన డ్రోన్ దారాల్లో చిక్కుకుని దడి మీద వేలాడుతోంది. నేను రాయి తీశాను కూడా. నాగవల్లి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

కాసేపటికి రమేష్ బాబు వచ్చాడు. అంతమంది ఉంటారని అనుకోలేదు కాబోలు, డ్రోన్ పోయింది, ఎవరైనా చూశారా అని మామూలుగా అడిగాడు.

“ఎక్కడ ఎగరేశారండి?” అంది నాగవల్లి.

“ఎక్కడేంటి, చెరువు మీదే.”

“అయితే చెరువులో వెతుక్కోండి.”

దడి మీద వేలాడేది అతనికీ కనిపిస్తోంది, మాకూ కనిపిస్తోంది. గాలికి కొట్టుకొచ్చిందందామంటే ఆ పూట ఆకు కూడా కదలడం లేదు. అది తనదంటే దడిలోకి దించానని అందరి ముందూ ఒప్పుకోవాలి. సిగ్గులేనివాడికి కూడా ఆ మాట నోట రాలేదు. రేపట్నుంచి తన చెరువు మీద దారాల పనిలోకి రావద్దని నాగవల్లితో చెప్పి వెళ్లిపోయాడు.

నాగవల్లి దారాలు కోసి, డ్రోన్ని తీసుకెళ్లి గేదెల కుడితి తొట్టిలో పడేసింది. మేమంతా కడుపుబ్బా నవ్వాం. వినీల నవ్వలేదు.

“ఇన్నాళ్లూ తీసినవన్నీ అతని ఫోన్లోనే ఉంటాయి కదమ్మా?” అంది.

నాగవల్లి మళ్లీ దడి దగ్గరికి వెళ్లి, కోసిన చోట కొత్త దారం లాగి కట్టింది. ఆ దారాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. వినీల ఇప్పటికీ నైటీతోనే నీళ్లు పోసుకుంటోంది.